మొదటి కస్టమ్ లూప్: సాఫ్ట్ ట్యూబా, హార్డ్ ట్యూబా? మన ఎండలకు ఏది మేలు?

కస్టమ్ లూప్ అంటే కంప్యూటర్ చిప్పుల వేడిని గొట్టాల్లో తిరిగే నీటితో లాగి, రేడియేటర్ దగ్గర గాలిలోకి వదిలేలా మనమే విడిభాగాలు కొని కట్టుకునే ఏర్పాటు. ఆ పేరు అనగానే అందరికీ గుర్తొచ్చేది గాజు క్యాబినెట్‌లో గీత గీసినట్టు నిలబడి, మలుపు దగ్గర సరిగ్గా తొంభై డిగ్రీలు వంగిన పారదర్శక గొట్టాలు. ఆ ఫొటోలు చూసి చాలామంది మొదటి లూప్‌కే ఆ గట్టి ప్లాస్టిక్ గొట్టాలు, అంటే హార్డ్ ట్యూబ్ కొనేస్తారు. నా తీర్పు ముందే చెప్తాను: మొదటి లూప్‌కి చేత్తో వంగే మెత్తటి గొట్టం, సాఫ్ట్ ట్యూబే మేలు. చల్లబరచడంలో రెండూ ఒకటే. తేడా అంతా విప్పడంలో ఉంది. మొదటి లూప్‌ని మీరు తప్పకుండా విప్పుతారు. ఎక్కడో ఫిట్టింగు (గొట్టాన్ని భాగానికి బిగించే ముక్క) చెమ్మగిల్లుతుంది, ర్యామ్ మార్చాలనిపిస్తుంది, రేడియేటర్ రెండంగుళాలు పక్కకి జరిపితే బాగుండేదనిపిస్తుంది. అలాంటప్పుడు పని అరగంటలో అవుతుందా, ఆదివారమంతా పడుతుందా అన్నదే అసలు ప్రశ్న.

ముందు, లూప్ అవసరమేనా?

ప్రాసెసర్ ఒక్కదాని కోసమైతే అక్కర్లేదు. రైజెన్ 9 7950ఎక్స్ లాంటి చిప్పు 230 వాట్ల దాకా తాగుతుంది, పూర్తి లోడ్‌లో 95 డిగ్రీలకు వెళ్లేలాగే ఏఎమ్‌డీ దాన్ని తయారుచేసింది. అక్కడ వేడి ఇరుక్కునేది చిన్న చిప్పుకీ దాని మీది మందపాటి లోహపు మూతకీ మధ్య. మూత మీద ఎంత ఖరీదైన బ్లాక్ (చిప్పు వేడిని నీటికి అందించే లోహపు ముక్క) పెట్టినా, కంపెనీయే అంతా బిగించి అమ్మే మంచి 360 మి.మీ. నీటి కూలర్, అంటే ఏఐఓ కంటే కొద్ది డిగ్రీలే లాభం. అంత తేడా కోసం అంత డబ్బు పెట్టమని నేను చెప్పను.

గ్రాఫిక్స్ కార్డు సంగతి వేరు. దాని చిప్పుకి మూత ఉండదు, వైశాల్యం ఎక్కువ, వేడి నేరుగా బ్లాక్‌లోకి దిగుతుంది. ఆర్‌టీఎక్స్ 4090 రేటింగ్ 450 వాట్లు, 5090ది 575 వాట్లు. అంత వేడిని గాలితో తోసెయ్యాలంటే ఫ్యాన్లు హోరెత్తాలి. లూప్ అసలు సుఖం ఇక్కడే తెలుస్తుంది: కార్డు చల్లగా ఉంటుంది, గది నిశ్శబ్దంగా ఉంటుంది. కాబట్టి కార్డుని కలుపుకునే ఉద్దేశం ఉంటేనే కస్టమ్ లూప్, లేకపోతే ఏఐఓ. అయితే బ్లాక్ కొనేముందు మీ కార్డు పూర్తి మోడల్ పేరు, దాని బోర్డు డిజైన్ సరిచూసుకోండి. ఒకే చిప్పు ఉన్న రెండు కంపెనీల కార్డులకు ఒకే బ్లాక్ సరిపోకపోవచ్చు. అసలు కూలర్ విప్పితే వారంటీ ఉంటుందా పోతుందా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. విప్పకముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవాలి.

సాఫ్ట్, హార్డ్: చేతికి తెలిసే తేడా

సాఫ్ట్ ట్యూబ్‌లో మళ్లీ రెండు రకాలు. పారదర్శకంగా ఉండే పీవీసీ ఒకటి, నల్లటి రబ్బరులా ఉండే ఈపీడీఎమ్ ఒకటి. పీవీసీ మెత్తగా ఉండటానికి కలిపే ప్లాస్టిసైజర్ కాలక్రమంలో నీళ్లలోకి దిగుతుంది. గొట్టం మసకబారుతుంది, ఆ జిగురు పోయి బ్లాక్ లోపలి సన్నటి రాగి రెక్కల మధ్య పేరుకుంటుంది. ఈపీడీఎమ్‌తో ఆ బాధ లేదు. లోపలి నీళ్లు కనిపించవు, అంతే. నేనైతే లోపల 10, బయట 16 మి.మీ. ఉండే ఈపీడీఎమ్ తీసుకుంటాను. 10/13 కంటే గోడ మందం కాబట్టి వంపు దగ్గర నలిగిపోదు.

బిగించడం ఇలా ఉంటుంది. గొట్టాన్ని కొంచెం పొడుగ్గా, అంచు తిన్నగా కోస్తారు. కొసని ఒక్క నిమిషం వేడినీళ్లలో ముంచి, ఫిట్టింగు ముక్కు మీదికి అడుగుదాకా తోస్తారు. కాలర్ చేత్తో తిప్పి బిగిస్తారు. కొలత ఒక సెంటీమీటరు అటూఇటూ అయినా గొట్టమే సర్దుకుంటుంది.

హార్డ్ ట్యూబ్‌లో ఆ సర్దుబాటు ఉండదు. హీట్ గన్, వంచేటప్పుడు గొట్టం లోపల పెట్టే సిలికాన్ తాడు, కోణాల అచ్చు, రంపం, అంచులు నునుపు చేసే పనిముట్టు ఉండాలి. మొదటిసారి వంచేవాళ్లు వృథా అయ్యే గొట్టాలకు కూడా డబ్బు లెక్కేసుకోవాలి. అందరూ తేలిగ్గా తీసుకునేది అంచు నునుపు చేయడాన్ని. కోసిన అంచు పదునుగా ఉంటే, ఫిట్టింగులోకి తోసేటప్పుడు నీరు కారకుండా ఆపే లోపలి రబ్బరు రింగుని, అంటే ఓ-రింగ్‌ని చీరేస్తుంది. ఆ చీలిక బయటికి కనిపించదు. ఆ రోజు అంతా పొడిగానే ఉంటుంది, వేడికి గొట్టం కాస్త కదిలాక చుక్క మొదలవుతుంది. సాఫ్ట్ ట్యూబ్ ముక్కు మీదికి ఎక్కి పట్టుకుంటుంది, పైన కాలర్ నొక్కుతుంది. హార్డ్ ట్యూబ్‌ని పట్టి ఉంచేది ప్రధానంగా ఓ-రింగులే.

మన ఎండాకాలం లెక్క

లూప్ గురించిన సలహాలు చాలావరకు చలిదేశాల నుంచి వస్తాయి. అక్కడ గది 22 డిగ్రీలు. మన దగ్గర రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో బయట 45 దాటుతుంది, ఏసీ లేని గది మధ్యాహ్నం 38కి తగ్గదు. లూప్‌లో నీరు గది కంటే చల్లగా ఎప్పటికీ ఉండదు. బాగా కట్టిన లూప్‌లో లోడ్ మీద నీరు గది కంటే దాదాపు 10 డిగ్రీలు ఎక్కువ, చిన్న రేడియేటర్ పెడితే 15. అంటే 38 గదిలో నీరు 48 నుంచి 53 దాకా వెళ్తుంది.

హార్డ్ ట్యూబుల్లో వంచడానికి తేలికైనదని అందరూ చెప్పే పీఈటీజీ అనే ప్లాస్టిక్‌కి ఇక్కడే చిక్కు. నీటి వేడి 60కి చేరకుండా చూసుకోమని సాధారణంగా హెచ్చరిస్తారు, ఆ పైన అది మెత్తబడటం మొదలవుతుంది. 22 డిగ్రీల గదిలో ఆ హద్దు చాలా దూరం. మన గదిలో రెండడుగులే. ఏ కారణం చేతనైనా పంపు ఆగితే కార్డు బ్లాక్‌లో నిలిచిన నీరు త్వరగా కాగుతుంది, దాని పక్క గొట్టమే ముందు లొంగి ఫిట్టింగు నుంచి జారుతుంది. అక్రిలిక్ ఇంకా ఎక్కువ వేడి తట్టుకుంటుంది, కానీ పెళుసు, కోసేటప్పుడు పగులుతుంది. అందుకే మన వైపు హార్డ్ అంటే అక్రిలిక్ అనే నా మాట, పీఈటీజీ వద్దు. ఈపీడీఎమ్ కార్ల రేడియేటర్ గొట్టాలకు వాడే రబ్బరు జాతిదే, దానికి ఈ వేడి ఒక లెక్క కాదు.

ఏ గొట్టం వాడినా లూప్‌లో ఒక నీటి సెన్సర్ పెట్టండి. ఫ్యాన్లు ప్రాసెసర్ వేడిని కాకుండా నీటి వేడిని చూసి తిరిగేలా మదర్‌బోర్డులో సెట్ చేస్తే, క్షణక్షణానికీ హోరెత్తడం ఆగిపోతుంది.

విశాఖ, కాకినాడ వైపు వాళ్లకు ఒక అనుమానం ఉంటుంది: సముద్రపు తేమకు గొట్టాల మీద చెమట పట్టదా? పట్టదు. నీరు ఎప్పుడూ గది గాలి కంటే వేడిగానే ఉంటుంది కాబట్టి తేమ దాని మీద పేరుకోదు. ఇంకొక్క మాట: లూప్ పెడితే గది చల్లబడదు. 600 వాట్లు కాల్చే మెషీన్ ఆ 600 వాట్లూ గదిలోకే వదులుతుంది. అది ఒక టన్ను ఏసీ సామర్థ్యంలో ఆరోవంతు.

రేడియేటర్: మందమా, వైశాల్యమా?

వైశాల్యం. నెమ్మదిగా తిరిగే ఫ్యాన్లతో, నీరు గది కంటే 10 డిగ్రీలు పైన ఉండేటట్టు చూసుకుంటే, ఒక్కో 120 మి.మీ. భాగం సుమారు 100 వాట్లు వదులుతుందన్నది చాలాకాలంగా వాడే మోటు లెక్క. ప్రాసెసర్ 150, కార్డు 350 అనుకుంటే ఐదు భాగాలు కావాలి: పైన ఒక 360, ముందు ఒక 240. ఒక 60 మి.మీ. మందం రేడియేటర్ కంటే 30 మి.మీ.వి రెండు పెట్టడం మేలు. మందపాటిదాని గుండా గాలి దూరాలంటే ఫ్యాన్లు గట్టిగా తిరగాలి, అప్పుడు నిశ్శబ్దం పోతుంది. కొనేముందు టేపు పట్టుకుని కొలవండి. 30 రేడియేటర్‌కి 25 ఫ్యాన్ కలిపితే 55 మి.మీ., పైన అంత చోటు లేకపోతే మదర్‌బోర్డు హీట్‌సింక్‌కి తగులుతుంది. అన్నిటికంటే ముఖ్యం: రాగి బ్లాకులున్న లూప్‌లో అల్యూమినియం రేడియేటర్ కలపకూడదు. రెండు లోహాలూ ఒకే నీటిలో ఉంటే అల్యూమినియం తినేసుకుపోతుంది.

పంపు విషయంలో ఎక్కువ ఆలోచించక్కర్లేదు. డీ5, డీడీసీ అనే రెండు పంపు రకాలూ పాత కాపులే. డీడీసీ చిన్నది, ఒత్తిడి ఎక్కువ, కానీ తానే వేడెక్కుతుంది. చిన్న క్యాబినెట్ అయితే తప్ప, రిజర్వాయర్‌తో కలిపి వచ్చే డీ5 తీసుకోండి.

ప్రాసెసర్ ముందా, కార్డు ముందా అనే వరస గురించి కూడా దిగులొద్దు. నిమిషానికి 4 లీటర్లు పారే లూప్‌లో 500 వాట్లు పోసినా ఒక చుట్టులో నీరు 2 డిగ్రీలకు మించి వేడెక్కదు. గొట్టం దగ్గరి దారిన వెళ్లే వరసే మంచి వరస. ఒక్క నియమం మాత్రం తప్పకూడదు: రిజర్వాయర్ తర్వాతే పంపు. పంపు ఎప్పుడూ పొడిగా తిరగకూడదు.

నీళ్లు, లీక్ పరీక్ష

పాలలా చిక్కగా కనిపించే రంగు కూలెంట్లలో సన్నటి రేణువులు తేలుతుంటాయి. అవే చివరికి రాగి రెక్కల మధ్య గడ్డకడతాయి. మొదటి లూప్‌కి తుప్పు, నాచు పట్టకుండా మందు కలిపి వచ్చే పారదర్శక కూలెంటే సరైనది. బంకులో దొరికే బ్యాటరీ వాటర్ ఒక్కటే పోసి వదిలెయ్యకండి, అందులో ఆ రక్షణ ఉండదు. బోరునీళ్ల జోలికి అసలు పోవద్దు, వాటి ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. కొత్త రేడియేటర్‌లో సోల్డర్ మడ్డి ఉంటుంది కాబట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాకే బిగించాలి.

నీళ్లు నింపి గాలి తీసేటప్పుడు పంపుకి తప్ప దేనికీ కరెంటు వెళ్లకూడదు. మదర్‌బోర్డు, కార్డు వైర్లు పీకి, పవర్ సప్లయ్ 24 పిన్నుల కొసకి, మదర్‌బోర్డు లేకుండానే దాన్ని నడిపించే జంపర్ ప్లగ్ పెట్టాలి. ప్రతి ఫిట్టింగు కింద టిష్యూ కాగితం పరిచి, ఒక రాత్రంతా తిరగనివ్వండి. కాగితం మీద మచ్చ పడితే ఎక్కడ బిగించాలో అదే చూపిస్తుంది.

ఖర్చులో అందరూ తక్కువగా అంచనా వేసేది ఫిట్టింగులే. రెండు బ్లాకులు, రెండు రేడియేటర్లు, ఒక పంపు రిజర్వాయర్ అంటే ఐదు భాగాలు, ఒక్కోదానికి రెండు నోళ్లు, మొత్తం పది ఫిట్టింగులు. అన్నిటికంటే కిందున్న చోట ఒక టీ (మూడు నోళ్ల ముక్క), దానికి నీళ్లు వదలడానికొక బాల్ వాల్వ్ తప్పనిసరి. అది లేకపోతే విప్పాల్సిన ప్రతిసారీ క్యాబినెట్‌ని ఒరగబెట్టి బకెట్ పట్టుకోవాలి. సికింద్రాబాద్ కంప్యూటర్ బజారు సీటీసీలో ర్యామ్ దొరికినంత తేలిగ్గా ఇవి దొరకవు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. అందుకే ఒకటి రెండు ఫిట్టింగులు, కొన్ని ఓ-రింగులు అదనంగా పెట్టుకోవాలి.

హార్డ్ ట్యూబ్ మీద మనసు పడ్డవాళ్లకు నేను చెప్పేది ఇదే. బ్లాకులు, రేడియేటర్లు, పంపు అన్నిటి నోళ్లూ జీ1/4 అనే ఒకే కొలత మరలే. ఇప్పుడు సాఫ్ట్ ట్యూబ్‌తో కట్టి ఒక వేసవి నడపండి. మీ గదిలో నీరు ఎంత వేడెక్కుతుందో సెన్సర్ చెప్తుంది, ఏ భాగం ఎక్కడుంటే బాగుంటుందో మీకే తెలుస్తుంది. ఏడాది తర్వాత కూలెంట్ మార్చే రోజు ఎలాగూ అంతా ఖాళీ చేస్తారు. అప్పుడు గొట్టాలు, ఫిట్టింగులు మాత్రం మార్చి అక్రిలిక్ వేసుకోవచ్చు. మిగతా సామానంతా అలాగే పనికొస్తుంది.