అఫ్జల్‌గంజ్ నుంచి చార్మినార్ దాకా నడిచే వెళ్లండి

గోల్కొండ, చార్మినార్, ట్యాంక్‌బండ్ ఒకే రోజులో చూపించేస్తానని స్టేషన్ బయటే ఆటో అతను వెంటపడ్డాడు, వద్దన్నాం. రాజమండ్రిలో రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున్నే హైదరాబాద్ నాంపల్లిలో దిగిన మేం నలుగురం శనివారమంతా పాతబస్తీకే అని ముందే అనుకున్నాం. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, నిజాంల చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం రెండూ ఆ రోజు సెలవు.

స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాం. వేడినీళ్లు ఎప్పుడైనా వస్తాయని ఫోన్‌లో చెప్పి, తీరా వెళ్లాక ఏడు దాటితే రావన్నారు. రూము శుభ్రంగానే ఉంది, కానీ పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకి నేను చెప్పను.

నాంపల్లి నుంచి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మెట్రోలో రెండో స్టేషనే. అక్కణ్ణించి నడక. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది, 1908 సెప్టెంబరులో మూసీ వరద ఊరిని ముంచేసినప్పుడు దాని కొమ్మలెక్కి 150 మంది దాకా బతికారట. ఆ చెట్టు కింద నిలబడి, తర్వాత నయాపూల్ మీంచి ఇప్పటి మూసీని చూస్తే అంత నీళ్లు ఇందులోంచేనా అనిపిస్తుంది. వంతెన దాటి మదీనా కూడలి దగ్గర, మొహర్రంలో పీర్లను నిలిపే బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలోకి వెళ్లాం. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాయే దీన్నీ కట్టించాడు. గోడల నిండా రంగు పెంకులతో పీర్ల ఆకారాలు, నాలుగు వందల ఏళ్లైనా ఆ నీలం, పసుపు తళతళలాడుతున్నాయి. కిందివైపు పెంకులు ఆ వరదకే పాడైతే తర్వాత రంగులు వేశారు, దగ్గరికెళ్లి చూస్తే తేడా తెలుస్తుంది. ఆటోలో వెళ్లుంటే ఇదంతా పోయేది, మాకు ఆ రోజు బాగా నచ్చింది ఈ నడకే.

చార్మినార్ (1591) పైకి టికెట్ తీసుకుని ఎక్కాం. మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వద్దు. పైనుంచి గుల్జార్ హౌజ్ వైపు చూస్తే మేం నడిచొచ్చిన దారంతా కనపడింది. దిగి నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, వేడి ఉస్మానియా బిస్కెట్లు. నిలబడే తాగాలి, అయినా రెండేసి కప్పులు తాగాం.

మధ్యాహ్నం చౌమహల్లా. దర్బారు హాల్లో 19 పెద్ద షాండ్లియర్లు, వాటి కింద పాలరాతి గద్దె. అది చూసి బయట నీళ్ల పక్కన కూర్చున్నాం, లేద్దామంటే "ఇంకాసేపురా" అంటూ గంటన్నర అక్కడే. టికెట్ డబ్బులకి పూర్తి న్యాయం జరిగింది ఇక్కడే.

లాడ్ బజార్‌లో మాత్రం తొందరపడకండి. మొదటి కొట్లో చెప్పిన రేటుకే మావాడు లక్క గాజులు కొనేశాడు, నాలుగు కొట్లు దాటాక అవే తక్కువకి దొరికాయి.

సాలార్‌జంగ్‌కి మూడున్నరకి చేరడం మా తప్పు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా ముందే అరగంట గడిచింది, ఆ పల్చటి ముసుగు కూడా రాయే అంటే కళ్లు నమ్మవు. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్న శిల్పం అది. అక్కణ్ణించి రెండు గదులు చూశామో లేదో, మూసేస్తున్నాం పదండని సిబ్బంది కేకలు మొదలుపెట్టారు. మీరైతే మ్యూజియానికి ఒక పూట విడిగా ఉంచుకోండి.