"యూరప్ ట్రిప్ కిట్" కొనబోతున్నారా? డబ్బులు కట్టేముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం. యూరప్ ట్రిప్‌కి కావలసినవన్నీ ఒకే పెట్టెలో అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న కాంబో కిట్ల గురించి ఈ పోస్ట్. వీసా అపాయింట్‌మెంట్ గురించి ఒకసారి వెతికితే చాలు, ఫోన్‌లో ఈ యాడ్లే వరసగా వస్తాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు, అందులోనూ పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు వీటివైపు మొగ్గుతారు. మేమూ మా అత్తయ్యగారితో కలిసి పారిస్, ప్రాగ్, రోమ్ వెళ్ళేముందు అలాంటి కిట్ ఒకటి తెప్పించుకున్నాం. ధర 8,999 రూపాయలు. క్యాబిన్ ట్రాలీ, యూనివర్సల్ అడాప్టర్, పవర్ బ్యాంక్, రెయిన్ జాకెట్, యాంటీ థెఫ్ట్ స్లింగ్ బ్యాగ్, బట్టలు సర్దుకునే పౌచ్‌లు, వీటితోపాటు ఏమేం పట్టుకెళ్ళాలో చెప్పే పీడీఎఫ్ ఒకటి. వీటిలో పని చేసినవి పౌచ్‌లు మాత్రమే. అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే సరుకు వేరే వేరే పేర్లతో, అవే ఫోటోలతో చాలా పేజీల్లో కనిపిస్తోంది కాబట్టి ఒక పేరు రాసినా ఉపయోగం లేదు. వస్తువుని చూసి ఎలా పట్టుకోవాలో రాస్తాను.

ముందుగా అడాప్టర్. ఇది వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి అడాప్టర్లు మన దగ్గర విడిగా కూడా విపరీతంగా అమ్ముడవుతున్నాయి. ఫ్రాన్స్‌లో గోడ సాకెట్ మన సాకెట్‌లా గోడకి సమానంగా ఉండదు. గుండ్రంగా లోపలికి గుంటలా ఉంటుంది. ఆ గుంటలో రెండు రంధ్రాలు, వాటి పైన సాకెట్‌లోంచే బయటికి పొడుచుకొచ్చిన ఎర్త్ పిన్ ఒకటి. ప్రాగ్‌లో కూడా ఇదే రకం. మాకు వచ్చిన అడాప్టర్ నలుచదరం డబ్బా. పక్కనున్న బటన్ జరిపితే రెండు పిన్నులు బయటికొస్తాయి, కానీ డబ్బా ఆ గుంటలోకి దిగదు. సాకెట్ అంచు ఒకవైపు, ఎర్త్ పిన్ ఇంకోవైపు అడ్డం. పిన్నులు సగమే లోపలికి వెళ్తాయి. చేత్తో నొక్కి పట్టుకుంటే ఫోన్ చార్జ్ అవుతుంది, వదిలితే అడాప్టర్ కింద పడుతుంది. సగం బయటికి కనిపిస్తున్న పిన్నుల్లో కరెంట్ ఉంటుందని కూడా గుర్తుంచుకోండి, పిల్లలున్న గదిలో ఇది చాలా ప్రమాదం. మెట్రో టికెట్లు, మ్యాప్, హోటల్ బుకింగ్ అన్నీ ఫోన్‌లోనే ఉండే ఊరిలో రాత్రంతా చార్జింగ్ గురించి టెన్షన్ పడ్డాం.

మన ఇళ్ళల్లో ఫోన్‌కి వాడే రెండు సన్న పిన్నుల చార్జర్లు చాలావరకు ఫ్రాన్స్, జర్మనీ, చెక్, స్పెయిన్, ఇటలీ సాకెట్లలో అడాప్టర్ లేకుండానే పడతాయి. వోల్టేజీ కూడా మనలాగే 230, ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్, కాబట్టి "వోల్టేజ్ కన్వర్టర్" అని ఎవరైనా అమ్మబోతే తీసుకోకండి. అడాప్టర్ అవసరమయ్యేది మూడు పిన్నుల ల్యాప్‌టాప్ ప్లగ్‌కి, కుక్కర్‌కి, కెటిల్‌కి. దానికి గుండ్రటి బాడీతో, పక్కల ఎర్త్ పట్టీలు, ముందు భాగంలో ఎర్త్ పిన్ దూరేందుకు రంధ్రం ఉన్న అడాప్టర్ అడగండి. ఫ్రాన్స్, జర్మనీ రెండు రకాల సాకెట్లకీ అదొక్కటే సరిపోతుంది. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోవచ్చు. స్విట్జర్లాండ్ వెళ్ళేవాళ్ళకి మాత్రం ఈ గుండ్రటిది అక్కడి సాకెట్లో పట్టదు, సన్న రెండు పిన్నులే పడతాయి. ఇంగ్లండ్, ఐర్లాండ్‌లకి పలక పిన్నులది వేరే కొనాలి.

పవర్ బ్యాంక్ సంగతి ఇంకా ఘోరం. డబ్బా మీద 30,000 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాలు, వాట్ అవర్ (బ్యాటరీలో ఎంత శక్తి నిల్వ ఉంటుందో చెప్పే కొలత) ఎంతో ఎక్కడా లేదు. విమానాల్లో లెక్క వాట్ అవర్‌లలోనే. ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. 20,000 అయితే 74, ఇబ్బంది లేదు. 30,000 అయితే 111. వంద దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. అంటే వీళ్ళు విమాన ప్రయాణానికని అమ్ముతున్న వస్తువు, డబ్బా మీద రాసిన అంకె నిజమైతే, అనుమతి లేకుండా విమానం ఎక్కకూడదు. మాది శంషాబాద్ సెక్యూరిటీలోనే తీసేసుకున్నారు. దుబాయ్ మీదుగా వెళ్ళేవాళ్ళు మరీ చూసుకోవాలి. ఎమిరేట్స్‌లో 2025 అక్టోబర్ 1 నుంచి మనిషికి ఒక్క పవర్ బ్యాంకే, అదీ వంద వాట్ అవర్ లోపుది, కెపాసిటీ దాని మీద స్పష్టంగా రాసి ఉండాలి, విమానంలో వాడకూడదు. ఏ విమానమైనా సరే, చెకిన్ బ్యాగులో పవర్ బ్యాంక్ పెట్టకండి.

ఆ 30,000 కూడా నిజం అనుకోను. చేతిలో పట్టుకుంటే ఫోన్ కంటే కాస్త బరువుగా ఉంది, అంతే. నిజమైన 20,000 పవర్ బ్యాంక్ 300 గ్రాముల పైనే తూగుతుంది. వంటింట్లో కాటా ఉంటే తూచి చూడండి. మన దేశంలో అమ్మే పవర్ బ్యాంక్‌కి బీఐఎస్ (వస్తువుల నాణ్యతా ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ దాని మీద ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే ఏ కంపెనీదో చూపిస్తుంది. మాకు వచ్చినదాని మీద ఆ నంబరే లేదు.

ట్రాలీ ఫోటోల్లో చాలా అందంగా ఉంది. ప్రాగ్ ఓల్డ్ టౌన్‌లో వీధులు చాలావరకు చిన్న చిన్న రాతి దిమ్మలు పరిచినవి, రోమ్ పాత వీధులూ అంతే. రాయికీ రాయికీ మధ్య వేలు పట్టేంత సందు. చిన్న ప్లాస్టిక్ చక్రాలు ఆ సందుల్లో ఇరుక్కుంటాయి. లాగినప్పుడల్లా దెబ్బ చక్రం మీద కాకుండా అది బిగించిన అడుగు ప్లాస్టిక్ మీద పడుతుంది. మా ట్రాలీకి చక్రం విరగలేదు, నాలుగు రివెట్లతో సహా అడుగు ముక్కే ఊడి వచ్చింది. లోపల చూస్తే బలం కోసం వేయాల్సిన పట్టీ ఏదీ లేదు, పలుచటి షెల్‌కి నేరుగా రివెట్లు కొట్టారు. హోటల్ దాకా దాన్ని మా ఆయన భుజాన మోశారు. పారిస్ మెట్రోలో చాలా స్టేషన్లకి లిఫ్ట్ లేదు, వెనిస్‌లో వంతెనలు చాలావరకు మెట్లే, కాబట్టి మోయడానికి పక్క హ్యాండిల్ కూడా గట్టిగా ఉండాలి. దానిదీ కుట్టు ఊడింది.

"అన్ని ఎయిర్‌లైన్స్ క్యాబిన్ అప్రూవ్డ్" అనే మాట నమ్మకండి. అన్ని ఎయిర్‌లైన్స్‌కీ ఒకే సైజు అనేదే లేదు. యూరప్‌లో ఊరి నుంచి ఊరికి తక్కువ టికెట్‌తో తిప్పే విమానాల్లో సంగతి మరీ వేరు. ర్యాన్‌ఎయిర్, విజ్ ఎయిర్‌లలో ఉచితంగా తీసుకెళ్ళనిచ్చేది 40, 30, 20 సెంటీమీటర్ల చిన్న బ్యాగ్ మాత్రమే, ఈజీజెట్‌లో 45, 36, 20. ట్రాలీకి వేరే డబ్బు కట్టాలి. ఆ కట్టినదాంట్లో కూడా కొలత చక్రాలు, హ్యాండిల్ కలుపుకునే. మా ట్రాలీ లేబుల్ మీద 55 అని ఉంది. చక్రాలతో టేపు పెట్టి కొలిస్తే 58 దాటింది. గేటు దగ్గర బ్యాగు కొలత చూసే ఇనప చట్రంలో పెట్టమన్నారు, దిగలేదు. అక్కడ కట్టిన డబ్బు కిట్ ధరలో సగానికి పైనే.

జాకెట్‌కి "వాటర్‌ప్రూఫ్, మైనస్ 10 డిగ్రీలు" అని ట్యాగ్. పారిస్‌లో కురిసింది పెద్ద వానేమీ కాదు, సన్నటి జల్లు. అరగంటలో భుజాల దగ్గర కుట్ల వెంబడి తడి లోపలికి దిగింది. అత్తయ్యగారికి ఆ రాత్రి నుంచి దగ్గు. జాకెట్‌ని తిరగేసి చూడండి. కుట్ల మీద సన్నటి టేపు అతికించి లేకపోతే, బట్ట ఎంత మంచిదైనా నీళ్ళు కుట్ల సూది రంధ్రాల్లోంచి వస్తాయి. అక్టోబర్‌లో ఆ ఊళ్ళకి మైనస్ 10 జాకెట్ అక్కర్లేదు కూడా. ఒంటికి పట్టే థర్మల్ ఒకటి, పైన స్వెటర్, ఆపైన కుట్లకి టేపు ఉన్న పలుచటి రెయిన్ జాకెట్ ఉంటే మ్యూజియంలో వేడిగా ఉన్నప్పుడు తీసేయవచ్చు, బయట చలిగా ఉంటే వేసుకోవచ్చు.

స్లింగ్ బ్యాగ్ జిప్ అయితే బాల్ పెన్ మొనతో పొడిస్తే విచ్చుకుంది. పాస్‌పోర్టులు అందులో పెట్టుకుని రోమ్ బస్సుల్లో తిరగమంటున్నారు వీళ్ళు.

ఇక ఆ పీడీఎఫ్. దీని మీద నాకు అన్నిటికన్నా కోపం. "ఇంటి రుచులు" అనే హెడ్డింగ్ కింద నెయ్యి, చికెన్ పచ్చడి, పచ్చి కరివేపాకు పెట్టుకోమని రాశారు. మన దేశం నుంచి వెళ్ళేవాళ్ళు మాంసం, పాలతో చేసిన పదార్థాలు సొంతానికైనా యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్ళకూడదు. నెయ్యి, పనీర్, చికెన్ మటన్ పచ్చళ్ళు అన్నీ ఇందులోకే వస్తాయి. పచ్చి ఆకులకి, చాలా రకాల పళ్ళకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. కస్టమ్స్‌లో పట్టుబడితే పారేస్తారు, జరిమానా కూడా వేయవచ్చు. ఆవకాయ, కందిపొడి, కారప్పొడి లాంటివి గట్టిగా ప్యాక్ చేసి చెకిన్ బ్యాగులో పెట్టుకోండి. ఆవకాయ హ్యాండ్ బ్యాగులో పెడితే సెక్యూరిటీ దాన్ని ద్రవాల కిందే లెక్కేస్తుంది, 100 మిల్లీలీటర్ల రూల్ వర్తిస్తుంది.

ఇప్పుడు అసలు మోసం ఎక్కడుందో చెప్తాను. ఈ కిట్‌కి "7 రోజుల రిటర్న్" అని ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో, కాంబో కాబట్టి ఒక్కో వస్తువు వెనక్కి తీసుకోం, సీల్ తీయకుండా మొత్తం పంపాలి అని ఉంటుంది. సీల్ తీయకుండా చక్రం ఎలా ఉందో, జిప్ ఎలా ఉందో ఎవరికి తెలుస్తుంది? పైగా ట్రిప్‌కి నెలా రెండు నెలల ముందు కొంటాం, లోపం బయటపడేది అక్కడికి వెళ్ళాకే. ఈ రెండూ లెక్కేసుకునే అమ్ముతున్నారని నా గట్టి నమ్మకం. పేజీ మీద "ఆఫర్ పది నిమిషాల్లో ముగుస్తుంది" అని గడియారం తిరుగుతుంటుంది, పేజీ మళ్ళీ తెరిస్తే మళ్ళీ పది నిమిషాలే. ఇలాంటి దొంగ తొందర పెట్టడాన్ని 2023 నవంబర్‌లో కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళని తప్పుదోవ పట్టించే ఎత్తులు) మార్గదర్శకాలు నిషేధించాయి.

ఇప్పటికే కొన్నవాళ్ళు పెట్టె తెరిచేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయండి. ట్రాలీలో ఒక పది కేజీల బియ్యం బస్తా పెట్టి, మీ వీధిలో గతుకులున్న చోట అరగంట లాగండి. జాకెట్ భుజం మీద కుళాయి వదలండి. అడాప్టర్ గుండ్రటిదో కాదో, ముందు రంధ్రం ఉందో లేదో చూడండి. పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైందో లేకపోతే ఫోటో తీసి పెట్టుకోండి, అవి లేకుండా అమ్మడమే తప్పు. ఏది ఫెయిలైనా ఆ రోజే అమ్మినవాళ్ళకి రాతపూర్వకంగా పంపండి, ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకండి.

"కాంబో రిటర్న్ లేదు" అంటే అక్కడితో ఆగకండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపం ఉన్న సరుకుని, వాళ్ళు చెప్పినట్టు లేని సరుకుని వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించకూడదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మాకు ఒక వాట్సాప్ నంబర్ తప్ప ఫిర్యాదుల అధికారి పేరు గానీ, చిరునామా గానీ ఎక్కడా దొరకలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, బిల్లు, ఫోటోలు, గేటు దగ్గర కట్టిన రసీదు అన్నీ అప్‌లోడ్ చేశాం. హెల్ప్‌లైన్‌లో మాట్లాడినావిడ ఓపిగ్గా విన్నారు, డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) మెసేజ్ వచ్చింది. అది వెళ్ళాకే అమ్మినవాళ్ళలో కదలిక వచ్చింది. కార్డుతో కట్టినవాళ్ళు బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బుని బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకోవడం) కూడా అడగండి, దానికి గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం వద్దు.

వాళ్ళు మాకు పంపింది వెయ్యి రూపాయల కూపన్, దాంతోపాటు "సమస్య పరిష్కారమైంది" అని రిప్లై ఇవ్వమని ఒక మెసేజ్. మీకూ ఇలాంటిది వస్తే ఆ రిప్లై ఇవ్వకండి, ఇస్తే కంప్లైంట్ క్లోజ్ చేయించుకోవడానికి దాన్నే చూపిస్తారు. మేం ఇవ్వలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాం. మనం కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, అమ్మినవాళ్ళు ఏ రాష్ట్రంలో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు. రెండేళ్ళ గడువు ఉంది కాబట్టి, పోయినేడాది కొని వదిలేసినవాళ్ళు కూడా బిల్లు వెతికి పట్టుకోండి.