రెండు కంప్రెసర్లు, ఆరేళ్ల వాడకం: అంబత్తూరు షెడ్డులో నేను చూసింది

మా బావమరిది పోయిన నెల తిరుపతి నుంచి ఫోన్ చేసి, "బావా, రెండు హెచ్‌పీ కంప్రెసర్ కొంటే సరిపోతుందా?" అన్నాడు. దేనికి సరిపోవాలిరా అంటే, "అదే, ఇంట్లో వర్క్‌షాప్ పెడుతున్నా కదా" అన్నాడు. గాలిని ట్యాంకులోకి కుక్కి, మేకుల గన్నుకో స్ప్రే గన్నుకో అందించే మిషన్ అది. నాకు నవ్వొచ్చింది. 2018లో నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని చెన్నైలో ప్యారిస్ కార్నర్ దగ్గర లింగిచెట్టి వీధిలో కొట్టు కొట్టూ తిరిగాను. అడిగిన ప్రతిచోటా "దారాళమా పోదుం సార్" (ధారాళంగా చాలు సార్) అన్నారు. దేనికి చాలునో వాళ్లూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మా ఇల్లు అంబత్తూరులో. కింద కారు షెడ్డునే వర్క్‌షాప్ చేసుకున్నాను. వారమంతా ఆఫీసు, ఆదివారం చెక్కపని. పాత టేకు కుర్చీలకు పాలిష్, చిన్న అల్మరాలు, బంధువులకు పూజా మందిరాలు. ఇదీ నా స్థాయి. ఫ్యాక్టరీ నడిపేవాళ్లకు ఈ రాత పనికిరాదు.

మొదట కొన్నది ఒక హెచ్‌పీ, 24 లీటర్ల ట్యాంకు, ఆయిల్ లేని రకం. తొమ్మిది వేల లోపే అయింది. చక్రాలున్నాయి, ఒంటి చేత్తో లాక్కుపోవచ్చు. మేకుల గన్నుకు బ్రహ్మాండంగా పనిచేసింది. చిన్న బ్రాడ్ మేకు దిగడానికి పట్టే గాలి గుక్కెడే. ముప్ఫై నలభై మేకులు కొట్టాక మోటారు ఒకసారి లేచి, ట్యాంకు నింపుకుని మళ్లీ పడుకునేది. కారు టైర్లకు, మిషన్లమీద పొట్టు ఊదడానికి కూడా దానికి వంక పెట్టేదేమీ లేదు.

స్ప్రే గన్ను తగిలించాకే దాని బండారం బయటపడింది. కుర్చీ వీపు పూర్తికాకముందే, 45 సెకన్లకల్లా ట్యాంకులో గాలి ఒత్తిడి చూపే గేజీ ముల్లు 8 బార్ నుంచి 3కి జారిపోయింది (ఒత్తిడిని బార్లలో కొలుస్తారు). సన్నటి పొగలా పరుచుకోవాల్సిన మెలమైన్ పాలిష్ చినుకుల్లా పడింది. ట్యాంకు నిండేదాకా ఆగితే ఈ కొస ఆరిపోతుంది. ఆగకుండా కొడితే బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా తేలుతుంది. ఆ కుర్చీని మూడుసార్లు గీకి మళ్లీ కొట్టాను.

మూడోసారి గీకాక కోపంతో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కూర్చున్నాను. ముల్లు 4 బార్ నుంచి 8కి ఎక్కడానికి 80 సెకన్లు పట్టింది. ఒక బార్ పెరగడమంటే ట్యాంకెడు మామూలు గాలిని అదనంగా లోపలికి కుక్కడమే. అంటే నాలుగు బార్లకు 96 లీటర్లు. 80 సెకన్లకు 96 అయితే నిమిషానికి 72 లీటర్లు. ప్లేటు మీద మాత్రం 120 అని ఉంది. దాన్ని మోసం అనలేం. సిలిండర్ ఘనపరిమాణాన్ని నిమిషానికి తిరిగే చుట్లతో హెచ్చవేస్తే వచ్చే అంకె అది. డిస్‌ప్లేస్‌మెంట్ అంటారు. గొట్టంలోంచి నిజంగా మన చేతికొచ్చేదాన్ని ఎఫ్‌ఏడీ అంటారు. కొట్టులో అడగాల్సింది రెండోదాన్ని, అదీ ఎన్ని బార్ల దగ్గర కొలిచిందో అడగాలి. నా గన్నుకు కావాల్సింది 8 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఇన్ని ఘనపుటడుగులని), అంటే నిమిషానికి దాదాపు 225 లీటర్లు. 72 ఇచ్చే మిషన్ పెట్టుకుని 225 తాగే గన్ను తగిలించాను. ఇంక కుర్చీని తిట్టి ఏం లాభం?

2019లో రెండోది తెచ్చాను. బెల్టు రకం, 2 హెచ్‌పీ, రెండు సిలిండర్లు, 100 లీటర్ల ట్యాంకు, 31 వేలు. వంద కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. టాటా ఏస్‌లోంచి దించడానికి నలుగురం పట్టాం. ప్లేటు మీద 7.5 సీఎఫ్‌ఎం అని ఉంది. ఈసారి కొన్నరోజే వాచీ పెట్టాను. 4 నుంచి 8 బార్‌కు రెండు నిమిషాల 45 సెకన్లు. లెక్కేస్తే 5.1 సీఎఫ్‌ఎం. రెండు మిషన్లలోనూ ఒక్కో హెచ్‌పీకి నాకు దక్కింది 2.5 సీఎఫ్‌ఎం చిల్లరే. అప్పటినుంచి ఎవరైనా స్టిక్కర్ చూపిస్తే ఈ కొలతతోనే చూస్తున్నాను. 3 హెచ్‌పీ అని రాసి చిన్న 6 ఆంపియర్ల ప్లగ్గు పెట్టి అమ్మేవి కూడా ఉన్నాయి. 3 హెచ్‌పీ అంటే 2.2 కిలోవాట్లు. ఆ ప్లగ్గు మోయగలిగేది 1.4 కూడా లేదు. ఆ స్టిక్కర్‌ను నమ్మక్కర్లేదు.

ఒళ్లు మండే విషయం ఆ తర్వాత తెలిసింది. తక్కువ గాలితో పనిచేసే ఎల్‌వీఎల్‌పీ గన్నులని ఉన్నాయి. నాలుగున్నర వేలు పెట్టి ఒకటి తెచ్చాను. అది తాగేది నిమిషానికి 110 లీటర్లే. దాన్ని పాత చిన్న మిషన్‌కు తగిలించి చూస్తే ఆగకుండా మూడు నిమిషాలు కొట్టగలిగాను. ఒక కుర్చీకి అది చాలు. అంటే కంప్రెసర్ బదులు గన్ను మార్చి ఉంటే నా పనిలో సగానికి పైగా గడిచిపోయేది. ఇంట్లో ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

శబ్దం విషయంలో మాత్రం పెద్దదానికి పెట్టిన డబ్బు దండగ కాలేదు. చిన్నది మోటారుతో పాటే నిమిషానికి 2800 చుట్లు తిరుగుతుంది. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుండేది. ఒక మధ్యాహ్నం పై వాటాలో ఉండే మామి మెట్లు దిగి వచ్చి "ఎన్న సార్, ఉళ్ళే లారీ ఓడుదా?" (ఏంటి సార్, లోపల లారీ నడుస్తోందా?) అంది. బెల్టుది నింపాదిగా డుగుడుగుమంటుంది. కింద పాత లారీ టైరు ముక్కలు కోసి వేశాక మామి దిగిరాలేదు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లయితే బెల్టుది కూడా వద్దు. పంటి డాక్టర్ల దగ్గర ఉండే తరహా సైలెంట్ ఆయిల్‌ఫ్రీ మిషన్లు వర్క్‌షాపులకూ దొరుకుతున్నాయి. గాలి తక్కువైనా ఇరుగుపొరుగుతో తగువుండదు.

బెంగళూరులో మా ఫ్రెండ్ దగ్గరా ఇదే మోడల్ ఉంది. అక్కడ ఊరే సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పలచన. చెన్నైలో వచ్చే గాలిలో పదో వంతు తగ్గించి లెక్కేసుకోవాలి. కానీ మాకున్న నీళ్ల పీడ వాడికి అంతగా లేదు.

నీళ్ల గురించి నాకు కొట్టులో ఎవరూ చెప్పలేదు. చెన్నై గాలిలో తేమ ఎంతో చొక్కా వేసుకుని బయటికెళ్తే తెలుస్తుంది. ఆ గాలిని తొమ్మిదో వంతుకు నొక్కితే అందులోని ఆవిరికి చోటు చాలదు, చల్లారేకొద్దీ నీరై ట్యాంకు అడుగున చేరుతుంది. ఐప్పసి, కార్తీక మాసాల (అక్టోబరు, నవంబరు) వానల్లో గంటన్నర స్ప్రే చేసిన సాయంత్రం ట్యాంకు కింది బిరడా తిప్పి స్టీలు గ్లాసు పట్టాను. సగానికి పైగా నిండింది. మొదటి ఏడాది ఆ నీళ్లు తెల్లగా వచ్చేవి. ఇప్పుడు ఫిల్టర్ కాఫీ డికాషన్ రంగులో వస్తున్నాయి. ఆ రంగు ట్యాంకు లోపలి ఇనుముది.

ట్యాంకులో మిగలని నీళ్లు గొట్టం వెంట గన్నులోకి వస్తాయి. మా వదిన కోసం చేసిన మందిరం తలుపు మీద ఆవగింజంత గుంటలు పడ్డాయి. పాలిష్‌దే తప్పనుకుని డబ్బా మార్చాను, థిన్నర్ మార్చాను. చివరికి గన్నులో పాలిష్ లేకుండా ఉత్త గాలిని అద్దం మీదికి ఊదితే సన్నటి తుంపర కనిపించింది. నిజానికి తేమ ఫిల్టర్ అప్పటికే ఉంది. కంప్రెసర్ పక్కనే బిగించాను, అక్కడే వచ్చింది తిరకాసు. మిషన్ దగ్గర గాలి వేడిగా ఉంటుంది, అందులో నీరు ఇంకా ఆవిరిగానే ఉంటుంది. ఫిల్టర్ పట్టేది చుక్కల్నే. ఆవిరి దర్జాగా దాన్ని దాటిపోయి, అవతల గొట్టంలో చల్లారి చుక్కలవుతుంది.

దానికి మందు గాలిని ముందు చల్లార్చడమే. అరంగుళం జీఐ (జింకు పూత ఇనుప) పైపును గోడమీద మూడుసార్లు పైకీ కిందికీ తిప్పించాను, మొత్తం ఆరు మీటర్లు. కిందికి దిగిన ప్రతిచోటా ఒక చిన్న వాల్వు పెట్టించి, ఫిల్టర్‌ను అన్నిటికీ ఆఖర్న బిగించాను. అప్పటినుంచి అద్దం మీద తుంపర లేదు. ప్లంబర్ "పీవీసీ వేద్దాం సార్, సగం ఖర్చు" అన్నాడు. నీళ్లకు వేసే పీవీసీ గాలికి వేయకూడదు. నీళ్ల పైపు పగిలితే కారుతుంది. గాలి పైపు పగిలితే ముక్కలై కత్తుల్లా ఎగురుతుంది.

ఇంకో చిన్న మార్పు. ట్యాంకు అడుగున ఇచ్చే డ్రెయిన్ బిరడా తిప్పాలంటే నేలమీద పడుకోవాలి. అందుకే బద్ధకించి వదిలేస్తాం. దాని స్థానంలో ఒక మోచేతి పైపు, బాల్ వాల్వు పెట్టి పక్కకు తెచ్చుకున్నాను. 400 రూపాయలయింది. ఇప్పుడు పని అయ్యాక షటర్ దించే ముందు కాలితో తోసినా తెరుచుకుంటుంది. సేఫ్టీ వాల్వు ఉంగరాన్ని నెలకోసారి లాగి గాలి వదులుతాను, బిగుసుకుపోకుండా. ట్యాంకు తుప్పుపట్టి చిల్లుపడితే వెల్డింగ్ చేయించనని ఇప్పుడే అనుకున్నాను. అది పాత ఇనుము కొట్టుకే వెళ్తుంది.

మూడో ఏట ఒక ఆదివారం మోటారు "ఊఁ" అని మూలిగి, తిరగకుండా ట్రిప్ అయింది. మే నెల, ఊరంతా ఏసీలు, వోల్టేజీ 195కు పడిపోయి ఉంది. అదే కారణమనుకున్నాను. పిలిపించిన మెకానిక్ చూసీ చూడకుండానే కెపాసిటర్ మార్చాడు, తగ్గలేదు. మోటారు వైండింగ్ పోయింది, నాలుగు వేలవుతుందన్నాడు. నాకు నమ్మకం కుదరక పంపించేశాను. మర్నాడు ఒక విషయం గమనించాను. ట్యాంకు ఖాళీగా ఉంటే మోటారు హాయిగా లేస్తోంది. ట్యాంకులో గాలి ఉంటేనే మొరాయిస్తోంది. మోటారు ఆగినప్పుడు ప్రెషర్ స్విచ్ దగ్గర ఒక్కసారి "సుయ్" మని గాలి వదిలి ఊరుకోవాలి. నాది ఆగకుండా సన్నగా ఊదుతూనే ఉంది. ట్యాంకు మూతి దగ్గరి నాన్ రిటర్న్ వాల్వు విప్పితే లోపలి రబ్బరు బిళ్ల ఎండి చీలిపోయి ఉంది. ట్యాంకులోని గాలి వెనక్కి వచ్చి సిలిండర్ మీద కూర్చుంటే పాపం మోటారు ఎలా లేస్తుంది? వాల్వు ధర 350. మోటారు వైండింగ్ ఇప్పటికీ కొన్ననాటిదే.

వోల్టేజీది కూడా తప్పు లేదని కాదు. అప్పటిదాకా సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగ మీద నడిపాను, అది వేడెక్కి మెత్తబడేది. తర్వాత మీటర్ బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం తీగ లాగించి, 16 ఆంపియర్ల సాకెట్ పెట్టించాను. గాలి గొట్టం కాస్త పొడుగైనా ఫర్వాలేదు, కరెంటు తీగ మాత్రం పొట్టిగా, లావుగా ఉండాలి.

ఆయిల్ విషయంలో తప్పు నాదే. బైకుకు పోయగా మిగిలిన 20డబ్ల్యూ40 ఉంది కదా అని పోశాను. ఏడాది తిరక్కుండా వాల్వు ప్లేటు మీద బొగ్గు కట్టింది. ఇప్పుడు కంప్రెసర్ ఆయిలే, మిషన్ మీద ఆయిల్ మట్టం చూపే గాజు బిళ్లలో ఎర్ర చుక్క మధ్యదాకా, ఏడాదికోసారి మారుస్తాను. బెల్టు ఒకసారి మార్చాను. అంతకుమించి చెప్పేదేం లేదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు షెడ్డులోకి మోకాలి కిందిదాకా నీళ్లు వచ్చాయి. డ్రెయిన్ వాల్వు కింద గ్లాసు పట్టేటట్టు ఉండాలని కంప్రెసర్‌ను అంతకుముందే రెండు వరసల హాలో బ్లాకుల మీదికి ఎక్కించి ఉన్నాను. మోటారు ట్యాంకు మీద ఉంటుంది కాబట్టి దానికి చెమ్మకూడా తగల్లేదు. కింద పెట్టిన, చెక్క కోసే టేబుల్ సా మాత్రం పోయింది.

మళ్లీ కొనాల్సివస్తే ఏం కొంటానని చాలామంది అడుగుతారు. వారానికోసారైనా స్ప్రే చేసేవాడికి ఈ బెల్టుదే చెప్తాను. కంప్రెసర్లు తయారయ్యే కోయంబత్తూరు తమిళనాడులోనే ఉంది. అక్కడి ఎల్గి లాంటి పెద్ద కంపెనీది కొన్నా, ఊరూ పేరూ లేనిది కొన్నా, వాల్వులు, గ్యాస్కెట్లు మన ఊళ్లో దొరుకుతాయా అని మాత్రం ముందు కనుక్కోవాలి. చెక్కను నున్నగా రుద్దే, గాలితో తిరిగే శాండర్ కోసం కంప్రెసర్ కొనేవాళ్లను మాత్రం ఆపుతాను. అది ఆగకుండా పది సీఎఫ్‌ఎం దాకా లాగుతుంది, ఇంటి మిషన్ దాని ఆకలి తీర్చలేదు. కరెంటు శాండర్ కొనుక్కుంటే నాలుగైదు వేలతో పోతుంది.

మా బావమరిదిని ఫోన్‌లో అరగంట గుచ్చి గుచ్చి అడిగితే తేలిందేమిటంటే, వాడికి కావాల్సింది మేకుల గన్ను, స్కూటర్ టైర్లు, ఏడాదికి ఒకటో రెండో కుర్చీలు. రెండు హెచ్‌పీ మాట మానేయమని, నా చిన్నది పట్టుకుపొమ్మని చెప్పాను. వచ్చే ఆదివారం వస్తున్నాడు. దాని కాళ్ల రబ్బర్లు రెండు ఊడిపోయాయి, ఎయిర్ ఫిల్టర్ స్పాంజి పొడిపొడిగా రాలుతోంది. అవి రెండూ దారిలో కొనుక్కుని రమ్మన్నాను.