ఏసీ కింద బకెట్టు, కొచ్చి బినాలే

ఫోర్ట్ కొచ్చిలో హోమ్‌స్టే బుక్ చేసుకునేవాళ్లు ముందు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: ఫొటోలో కనిపించే కిటికీ మాకిచ్చే గదిదేనా? అవునంటే ఆ మాట వాట్సాప్‌లో పెట్టించుకోండి. మేం అడగలేదు. రోజుకి 3,200 చొప్పున మూడు రోజులకి 9,600 మాట్లాడుకుని, సగం ముందే కట్టేసి, సముద్రం కనపడే పాతకాలపు గదిలో కాళ్లు చాపుకుందామని కలలు కంటూ బయల్దేరాం.

అది 2019 ఫిబ్రవరి. నేను, మావారు, అత్తయ్య. నేను బడిలో డ్రాయింగ్ చెప్తాను. కొచ్చి బినాలే అనే పెద్ద కళా ప్రదర్శన చూడాలని 2012 నుంచీ అనుకుంటున్నా. ఆ ఏడాది డిసెంబరు 12న బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అనే ఇద్దరు ఆర్టిస్టులు దాన్ని మొదలుపెట్టారు. రెండేళ్లకోసారి వస్తుంది. ప్రతిసారీ ఏదో అడ్డం, నాలుగోసారికి కుదిరింది. అత్తయ్య మాత్రం "బొమ్మలు చూడ్డానికి రెండు రోజులు రైల్లోనా?" అంటూనే చీరలు సర్దుకుంది. గుంటూరులో శబరి ఎక్కాం, మర్నాడు ఎర్నాకుళంలో దిగాం, దారి గురించి చెప్పుకోవడానికేం లేదు. జెట్టీ దగ్గర సర్కారు బోటు ఎక్కితే అప్పట్లో మనిషికి నాలుగు రూపాయలు, ఇరవై నిమిషాల్లో ఫోర్ట్ కొచ్చి. సామాన్లున్నా సరే ఆటో జోలికి పోకండి, వంతెనలన్నీ చుట్టి తీసుకెళ్లి మూడొందల పైన అడుగుతారు.

ఇక గది. ఫొటోలో చూసిన ఇల్లు నిజంగానే ఉంది. కిటికీ ఉంది, కిటికీలో సముద్రమూ ఉంది. అందులో ఇంకెవరో ఉన్నారు. కుర్రాడొకడు మా సూట్‌కేసు లాక్కుంటూ రెండు సందులు దాటించి ఇంకో ఇంటికి తీసుకెళ్లాడు. "సేమ్ రూమ్ సార్, సేమ్ ఓనర్." ఓనర్ ఒకడే కావచ్చు. కిటికీ తీస్తే పక్కింటి గోడ, గోడకీ కిటికీకీ మధ్య జనరేటర్. లోపల మాత్రం "ఆర్టిస్టిక్"గా ఉండాలని చాలా శ్రమపడ్డారు. గోడకి విరిగిన తెడ్డు, తుప్పు పట్టిన గొలుసు, పగిలిన టైలు ముక్కలు అతికించిన ఫ్రేము. ఏసీ కింద నీలం బకెట్టు, అందులో టప్ టప్‌మని చుక్కలు. ఓనరుకి ఫోన్ చేస్తే "బినాలే సీజన్ మేడమ్" అన్నాడు. ఆ మూడు రోజుల్లో ఏది అడిగినా అదే జవాబు. వేడినీళ్లు రావడం లేదన్నా బినాలే సీజనే, దుప్పటి చాలదన్నా బినాలే సీజనే.

మావారు గొడవపడతారనుకున్నా. పడలేదు. అలిగి పడుకున్నారు, అది ఇంకా కష్టం.

మర్నాడు పొద్దున్నే ఆస్పిన్‌వాల్ హౌస్‌కి వెళ్లాం. అప్పుడు టికెట్ మనిషికి వంద. ఆసారి బినాలేలో పెద్ద భాగం ఇక్కడే. 1867లో ఒక ఇంగ్లీషు వర్తకుడు పెట్టిన కంపెనీ తాలూకు ఆవరణ అది. మిరియాలు, అల్లం, కొబ్బరినూనె, కొబ్బరిపీచు ఇక్కడి నుంచే ఓడలెక్కేవి. పెచ్చులూడిన ఆ గోదాములకి పెద్దగా హంగులేం చేయకుండా బొమ్మలు పెట్టారు. అదే అందం. కొత్త భవనం కట్టి తెల్లరంగు వేసుంటే ఇందులో సగం కూడా ఉండేది కాదు.

లోపలికెళ్లగానే అత్తయ్య "ఎవరివో బట్టలారేశారే" అంది. తాళ్ల మీద చొక్కాలు వేలాడుతున్నాయి. మామూలు నూలు చొక్కాలే, బురదనీళ్లలో ముంచి తీసినట్టున్నాయి. దగ్గరికెళ్తే ఒక్కోదాని మీద నల్ల సిరాతో రాత. మనిషి పేరు, వయసు, పుట్టిన ఊరు, అమ్మినవాడు, కొన్నవాడు, ధర. దక్షిణాఫ్రికా ఆర్టిస్టు స్యూ విలియమ్సన్ చేసిన పని ఇది. డచ్చి ఈస్టిండియా కంపెనీ మన దేశం నుంచి కేప్‌టౌన్‌కి బానిసలుగా పట్టుకుపోయినవాళ్ల వివరాలు పాత రికార్డుల్లోంచి తీసి, చొక్కాల మీదికెక్కించింది. పేరు కూడా అలాంటిదే, నూట పంతొమ్మిది అమ్మకపు దస్తావేజులు. నేను చదివి చెప్తుంటే అత్తయ్య ప్రతి చొక్కా దగ్గరా "ఎంతకమ్మారంట?" అని ఆగింది. నాలుగైదు అయ్యాక అడగడం మానేసింది. సముద్రం గాలికి చొక్కాల చేతులు అటూ ఇటూ ఊగుతున్నాయి. డచ్చివాళ్లు ఈ ఊరినే నూరేళ్లకి పైగా ఏలారు. చొక్కాల పక్కనుంచి చూస్తే ఇప్పటి ఓడలు కనిపిస్తాయి. ఏ మ్యూజియంలో అద్దాల వెనక పెట్టినా వీటికి ఈ బలం రాదు.

అప్పటిదాకా చేతులు కట్టుకుని నడుస్తున్న మావారిని కదిలించింది శిల్పా గుప్తా గది. సగం చీకటి. పైనుంచి వంద మైకులు వేలాడుతుంటాయి. ఒక్కోదాని కింద ఒక ఇనుప ఊచ, ఊచకి గుచ్చిన కాగితం. కాగితం మీద జైలుపాలైన ఒక కవి రాసిన పంక్తులు. ఎనిమిదో శతాబ్దం నుంచి ఇవాళ్టిదాకా వంద మంది. కిటుకేమిటంటే, ఆ మైకుల్లో మనం మాట్లాడం, అవే మనతో మాట్లాడతాయి. లోపల స్పీకర్లు పెట్టారు. ఒక మూల ఒక గొంతు మొదలవుతుంది, మిగతావన్నీ గుంపుగా అందుకుంటాయి, మళ్లీ ఇంకో మూల ఇంకో భాష. మీ భాషలో నేను ఇమడను అనే అర్థం వచ్చే ఆ పనికి పేరు 14వ శతాబ్దపు అజర్‌బైజాన్ కవి నసీమీ మాటల్లోంచి తీసుకున్నారట. మావారు బ్యాంకులో పనిచేస్తారు, కవిత్వమంటే ఆవలిస్తారు. గంట దాటినా లేవలేదు. నేను రెండుసార్లు బయటికొచ్చి చూసిపోయా. చివరికి వచ్చి "ఆ ఊచలు తగలకుండా నడవాలంటే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి, గమనించావా?" అన్నారు. నేను గమనించలేదు.

మధ్యాహ్నం భోజనం సంగతి తప్పకుండా చెప్పాలి. ఆసారి ఆవరణలోనే వంటగది ఉండేది, అదీ ప్రదర్శనలో భాగమే. విపిన్ ధనుర్ధరన్ అనే కుర్ర ఆర్టిస్టు పెట్టాడు. పేరు సహోదరర్. 1917లో ఇక్కడికి దగ్గర్లోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ అనే సంఘ సంస్కర్త అన్ని కులాలవాళ్లనీ ఒక పంక్తిలో కూచోబెట్టి మిశ్రభోజనం పెట్టించాడు, ఆ స్ఫూర్తితో. ఎవరైనా వచ్చి వండొచ్చు, తినొచ్చు అన్నారు. డబ్బు తీసుకునేవాళ్లు కాదు. అత్తయ్యకి ఇది నచ్చలేదు. "ఊరికే తింటే ఎలా అమ్మాయ్" అని గొణిగి, ఊరుకోలేక వెళ్లి చిన్నుల్లిపాయలు ఒలవడానికి కూచుంది. పక్కన ఒక జర్మన్ అమ్మాయి, ఒక మలయాళీ పెద్దాయన. ముగ్గురికీ ఒకరి మాట ఒకరికి రాదు. ముప్పావుగంట కబుర్లు చెప్పుకున్నారు. గంజి, పెసలు, చారెడు పచ్చడి. ముందు రోజు రాత్రి సముద్రపొడ్డున ఒక రెస్టారెంట్లో ముగ్గురికీ కలిపి 1,840 పోసిన చేపలకన్నా ఇదే బాగుందని అత్తయ్య తేల్చింది. నాకూ అంతే.

అన్నీ బాగున్నాయని కాదు. వీడియోలు మరీ ఎక్కువ. గాలాడని గదిలో బెంచీ కూడా లేకుండా నలభై నిమిషాల సినిమా చూడమంటే ఎలా? గోడల మీద ఇంగ్లీషు వివరణలు రెండుసార్లు చదివినా కొరుకుడు పడవు. వాటిని వదిలేసి వాలంటీర్లని అడగండి. అంతా కాలేజీ పిల్లలు, ఓపిగ్గా చెప్తారు. ఆసారి ఎవరెవరి పనులు పెట్టాలో ఎంచిన క్యూరేటర్ అనితా దూబే, బినాలేకి తొలి మహిళా క్యూరేటర్. ఆర్టిస్టుల్లో సగానికి పైగా ఆడవాళ్లేనని ఒక వాలంటీరు పిల్ల గర్వంగా చెప్పింది.

ఆ తర్వాతి రోజు పక్కనే ఉన్న మట్టాంచేరి. ఆటోవాళ్లు "ఫిఫ్టీ రుపీస్ ఓన్లీ, ఊరంతా" అంటారు. ఎక్కారో, మసాలా దుకాణాల ముందు దింపి కమిషన్ సంపాదించుకుంటారు. మేం రెండు దుకాణాలు మొక్కుబడిగా చూసి దిగిపోయాం. అక్కడొక గోదాములో దక్షిణాఫ్రికా ఆర్టిస్టు విలియం కెంట్రిడ్జ్ వీడియో ఊరేగింపు మాత్రం వదల్లేదు. ఎనిమిది తెరలు ఒకదాని పక్కన ఒకటి, ఒక చివర్నుంచి ఇంకో చివరికి నీడల్లా నడిచే జనం, బ్యాండు మేళం, సెలైన్ స్టాండ్లు ఈడ్చుకుంటూ వెళ్లే రోగులు. అది చావు ఊరేగింపో, పండగో తెలీదు. పావుగంటే. రెండుసార్లు చూశాం.

నేను నిజంగా కొచ్చి వెళ్లింది దేనికోసమా అని ఇప్పుడాలోచిస్తే, గుర్తొచ్చేది ఆ రోజు సాయంత్రం ఒక చిన్న కొట్లో కొన్న పాతిక రూపాయల బొమ్మ. చేక్కుట్టి అంటారు. అరచేతిలో సగం ఉంటుంది. గుడ్డ పేలికని చుట్టి, దారంతో మెడ దగ్గర బిగించి, పైన రెండు జుట్టుముళ్లు. అంతే. 2018 ఆగస్టు వరదల్లో కొచ్చి దగ్గరి చేందమంగళం నేతగాళ్ల మగ్గాలు మునిగిపోయాయి, ఓణం కోసం నేసి పెట్టుకున్న చీరలన్నీ బురదపాలయ్యాయి. తగలబెట్టడం తప్ప దారి లేదనుకున్న ఆ గుడ్డని డిజైనర్ లక్ష్మీ మీనన్, ఆమె మిత్రుడు గోపీనాథ్ పారయిల్ తీసుకొచ్చి, క్లోరిన్‌తో శుభ్రం చేసి ఉడకబెట్టి, వాలంటీర్లతో బొమ్మలు చేయించారు. మరకలు పోలేదు. పోగొట్టాలని చూడలేదు కూడా.

అత్తయ్యది మంగళగిరి నేత కుటుంబం. బొమ్మని వేళ్ల మధ్య నలిపి, అంచు విప్పదీసి చూసింది. "మంచి నూలు" అంది. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. బోటు జెట్టీ దగ్గర కూచున్నప్పుడు తనే మొదలుపెట్టింది. "మగ్గం గుంటలోకి నీళ్లొస్తే తోడుకోవచ్చు అమ్మాయ్. తడిసిన పడుగు మళ్లీ పనికిరాదు. నా చిన్నప్పుడు వానొస్తే మా నాన్న రాత్రంతా గుంట పక్కనే కూచునేవాడు." కొట్టువాడు మాకు చెప్పిన లెక్క ఆవిడ మర్చిపోలేదు. పదమూడు పదిహేను వందల చీర, పాడైతే సున్నా. అదే చీరలో 360 బొమ్మలు వస్తాయి, బొమ్మ పాతిక చొప్పున 9,000. "ఇంచుమించు మనం ఆ గదికి పోసినంత" అంది. మళ్లీ కొట్టుకెళ్లి ఇంకో పది కొన్నాం. సంచులకి కట్టుకుంటారట, అత్తయ్య మాత్రం ఒకటి తాళంచెవుల గుత్తికి కట్టుకుంది.

ఆ రాత్రి గదికొచ్చేసరికి బకెట్టు నిండి నేలంతా తడి, అత్తయ్య సంచి అడుగున చీర తడిసింది. నేను ఓనరుతో ఫోన్లో అరుస్తుంటే, మావారు బకెట్టు ముందు చేతులు వెనక్కి పెట్టుకుని, తల ఒక పక్కకి వాల్చి, పొద్దుటి నుంచీ బొమ్మల ముందు నిలబడ్డట్టే నిలబడ్డారు. "చుక్కకీ చుక్కకీ మధ్య నిశ్శబ్దం బాగుంది" అన్నారు. అత్తయ్యకి నవ్వాగలేదు. నా కోపం అలాగే ఉంది, కానీ ఫోన్ పెట్టేశాను.

లెక్క దగ్గర ఇంకో 300 కరెంటు అన్నాడు, ఇవ్వలేదు. మళ్లీ వెళ్తే ఎర్నాకుళం జెట్టీ దగ్గరే ఏదో మామూలు లాడ్జిలో దిగి, రోజూ బోటులో పోయొస్తాం. గుంటూరు చేరిన రెండో రోజు ఓనరు మెసేజ్ పెట్టాడు, ఫైవ్ స్టార్ రివ్యూ ఇవ్వమని. మావారు బకెట్టు ఫొటో ఒక్కటే పెట్టి, కింద బినాలే గోడల మీద ఉన్నట్టే రాశారు: "శీర్షిక లేదు. ప్లాస్టిక్ బకెట్టు, ఏసీ నీళ్లు. 2019."