లింకన్ టౌన్ కార్‌తో పదమూడేళ్లు: వెనక సీటు కోసం కట్టిన బండి

నా బండి 2007 మోడల్ లింకన్ టౌన్ కార్, సిగ్నేచర్ లిమిటెడ్, నలుపు రంగు. 2012 ఏప్రిల్‌లో ఒక రిటైర్డ్ టీచరమ్మ దగ్గర 38 వేల మైళ్ల మీద కొన్నాను, మొన్న గ్యాస్ (అంటే పెట్రోలు) కొట్టిస్తూ చూస్తే మీటరు 2 లక్షల 6 వేలు దాటింది. ఇన్నేళ్లు నడిపాను కాబట్టి దాని మంచీ చెడూ రెండూ తెలుసు. కంపెనీ కథ కూడా కొంత చెప్తాను, అది తెలియకపోతే ఈ బండి ఇలా ఎందుకుందో అర్థం కాదు.

మేముండేది న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర. మన వాళ్ల అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లో చూస్తే వరసగా కామ్రీలు, అకార్డులు, ఒడిస్సీలు, ఈ మధ్య టెస్లాలు. నేను ఈ బండి తెచ్చిన రోజు మా ఫ్రెండ్స్ అందరూ అడిగింది ఒకటే, "ఎయిర్‌పోర్టు టాక్సీ ఎందుకు కొన్నావురా?" అని. అడగడంలో తప్పేం లేదు. అప్పట్లో నెవార్క్, జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టుల బయట నల్లకోట్లు వేసుకుని పేర్లు రాసిన అట్టలు పట్టుకుని నిలబడే డ్రైవర్లలో చాలామందిది ఇదే బండి. పెళ్లిళ్లకి పొడవు సాగదీసిన లిమోలు ఇవే, అంతిమయాత్రకి శవపేటికను తీసుకెళ్లే బండ్లుగా మార్చినవీ చాలా ఉన్నాయి. లగ్జరీ బండికి ఈ ముద్ర పడటం మంచిది కాదని కంపెనీలోనూ కొందరు అనుకొని ఉంటారు. నాకు మాత్రం ఆ ముద్ర చూసే ధైర్యం వచ్చింది. రోజుకి పద్నాలుగు గంటలు బండి మీదే బతికే డ్రైవరు, పాడైతే ఆ రోజు కూలి పోయే డ్రైవరు, ఏరికోరి కొనుక్కున్న బండి అంటే అంతకంటే సర్టిఫికెట్ ఏముంటుంది?

వాళ్లు ఎందుకు కొన్నారంటే కారణాలు సూటిగా ఉన్నాయి. దీని కట్టుబడి పాతకాలపుది. ఇప్పుడు దాదాపు అన్ని కార్లలో బాడీ, ఛాసిస్ ఒకటిగా కలిసి వస్తాయి, దీనికి మాత్రం లారీకి ఉన్నట్టు కింద ఛాసిస్ విడిగా ఉంటుంది, దాని మీద బాడీ కూర్చోబెడతారు. గుద్దుకుంటే విప్పి బాగుచేయడం తేలిక, పొడుగు పెంచడం కూడా తేలిక, లిమో వాళ్లకి నచ్చింది అదే. లింకన్ ఫోర్డ్ కంపెనీదే, ఫోర్డ్ వాళ్లు ఈ కట్టుబడిని పాంథర్ ప్లాట్‌ఫాం అనేవారు. పోలీసులు నడిపిన క్రౌన్ విక్టోరియా, మెర్క్యురీ గ్రాండ్ మార్క్విస్ కూడా దాని మీద కట్టినవే, కాబట్టి స్పేర్ పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి, ధర కూడా తక్కువ. ఇంజను 4.6 లీటర్ల వీ8, 239 హార్స్ పవర్, వెనక చక్రాలు తిప్పుతుంది. గేర్లు నాలుగే. గేర్ కర్ర స్టీరింగ్ పక్కనే ఉంటుంది, అందుకని ముందు సీటులో కూడా ముగ్గురు కూర్చోవచ్చు, మొత్తం ఆరుగురు. పొడుగు 215 అంగుళాల పైమాటే, అంటే దగ్గర దగ్గర 18 అడుగులు.

డిక్కీ గురించి విడిగా చెప్పాలి. ఇండియా నుంచి వచ్చే వాళ్లని ఎయిర్‌పోర్టులో ఎక్కించుకున్న వాళ్లందరికీ ఆ కష్టం తెలుసు. మనిషికి రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలు, మధ్యలో ఆవకాయ, గోంగూర, పొడులు, అరిసెలు. మా అత్తయ్యగారు, మామయ్యగారు మొదటిసారి వచ్చినప్పుడు నాలుగు పెద్ద సూట్‌కేసులూ డిక్కీలో పట్టేశాయి, ఒక్కటి కూడా ఒళ్లో పెట్టుకోవలసిన పని లేకపోయింది. ఆ తర్వాత మా కాంప్లెక్స్‌లో ఎవరి అమ్మానాన్నలు దిగినా ఫోను నాకే వచ్చేది. అలా ఎంతమందిని తెచ్చానో లెక్క లేదు, అందరూ ఎక్కిన పది నిమిషాల్లో నిద్రపోయేవారు. ఇరవై గంటలు విమానంలో ముడుచుకుని కూర్చున్న పెద్దవాళ్లు మోకాళ్లు చాపుకుని టర్న్‌పైక్ (ఇక్కడి టోల్ హైవే) మీద హాయిగా నిద్రపోవడం అద్దంలో చూస్తుంటే, టాక్సీ అన్న మాట నాకు పొగడ్తలాగే వినిపించేది.

మా నాన్న సంగతి వేరు. ఆయన ఇరిగేషన్ శాఖలో డ్రైవరుగా చేశారు, తెల్ల అంబాసిడర్ మీద దాదాపు ముప్పై ఏళ్లు. ఈఈ గారు (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) వెనక, ఆయన ముందు. 2014లో ఇక్కడికి వచ్చినప్పుడు ఎంత చెప్పినా వెనక కూర్చోలేదు. "నువ్వు నడుపుతుంటే నేను వెనక కూర్చోవడం ఏంటిరా, ముందే బాగుంటుంది" అనేవారు. నేను బ్రేకు వేస్తే ఆయన కాలు కూడా కింద నొక్కేది. బానెట్ ఎత్తి ఇంజను చూపించమన్నారు, టైరు చేత్తో తట్టి చూశారు, కింద వంగి ఛాసిస్ చూసి "ఇది మన అంబాసిడర్ కంటే గట్టిది" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం చిన్న సంగతి కాదు. నెల తర్వాత బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వర స్వామి గుడికి వెళ్లేటప్పుడు మా అబ్బాయి ముందు సీటు కావాలని పేచీ పెడితే ఆయన వెనక ఎక్కారు. ఎక్కాక ఏమీ మాట్లాడలేదు. గుడి దగ్గర దిగుతూ తలుపు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడి, "ఈఈ గార్లకి ఇంత సుఖంగా ఉండేదన్నమాట" అన్నారు. ఆ తర్వాత ఉన్న నాలుగు నెలలూ వెనకే కూర్చున్నారు.

అందుకే చెప్తున్నాను, ఇది డ్రైవరు కోసం కట్టిన బండి కాదు. మలుపుల్లో సరదాగా తిప్పాలనుకునే వాళ్లకి ఇది నచ్చదు. స్టీరింగ్ బాగా తేలిక, రోడ్డు చేతికి తెలియదు, గట్టి మలుపులో బాడీ ఒక పక్కకి ఒరుగుతుంది. గుంతల మీద మాత్రం పడవలా తేలిపోతుంది.

ఇక కంపెనీ కథ. 2016లో మిషిగన్‌లో మా బావమరిది వాళ్లింటికి వెళ్లినప్పుడు డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియం చూశాం, ఒక రోజంతా అక్కడే. బావమరిది ఆటో ఇండస్ట్రీలోనే పనిచేస్తాడు, హెన్రీ లీలాండ్ కథ వాడే చెప్పాడు. లీలాండ్ అంటే కాడిలాక్‌నీ (ఇప్పుడు జనరల్ మోటార్స్ వాళ్ల లగ్జరీ బ్రాండు, లింకన్‌కి పోటీ) లింకన్‌నీ రెంటినీ మొదలుపెట్టిన మనిషి. 1902లో హెన్రీ ఫోర్డ్ తన పేరుతో ఉన్న కంపెనీ (ఇప్పటి ఫోర్డ్ కాదు, అంతకు ముందుది) వదిలేసి వెళ్లిపోతే, దాని మిషన్లకి వెల కట్టడానికి వచ్చిన లీలాండ్, అమ్మడం కాదు, నా ఇంజను పెట్టి కార్లు చేయండి అన్నాడు, అదే కాడిలాక్ అయింది. 1917లో కాడిలాక్ వదిలేసి మొదటి ప్రపంచ యుద్ధం కోసం లిబర్టీ విమాన ఇంజన్లు చేయడానికి ఇంకో కంపెనీ పెట్టాడు. తన మొదటి ఓటు 1864లో అబ్రహాం లింకన్‌కి వేశాడు కాబట్టి ఆ పేరే పెట్టుకున్నాడు. యుద్ధం అయిపోయాక 1920 నుంచి కార్లు మొదలుపెట్టారు, ఇంజను పని చాలా నాణ్యంగా ఉన్నా బాడీలు పాతగా కనిపించాయి, డబ్బు అయిపోయింది. 1922లో కంపెనీ వేలానికి వస్తే కొన్నది ఎవరో తెలుసా, అదే హెన్రీ ఫోర్డ్, 80 లక్షల డాలర్లకి. కొన్ని నెలల్లోనే లీలాండ్, ఆయన కొడుకు ఇద్దరూ బయటికి వెళ్లవలసి వచ్చింది. తను కట్టిన కంపెనీలోంచి 79 ఏళ్ల వయసులో పంపేయడం వింటే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది.

లింకన్‌కి అందం వచ్చింది ఫోర్డ్ కొడుకు ఎడ్సెల్ వల్ల. తండ్రికి ఒకే మోడల్, ఒకే రంగు చాలు, కొడుక్కి రూపం మీద ప్రాణం. 1936లో జెఫిర్ అనే మోడల్ వచ్చింది, ఆ తర్వాత 1939లో తన ఫ్లోరిడా సెలవుల కోసం డిజైనర్ బాబ్ గ్రెగరీతో ఒక కారు చేయించుకుంటే చూసిన వాళ్లంతా మాకూ కావాలన్నారు, అదే కాంటినెంటల్. కానీ నా దృష్టిలో లింకన్ అంటే 1961 కాంటినెంటల్. అప్పటి అమెరికా కార్ల మీద రెక్కలు, క్రోమ్ పట్టీలు విపరీతంగా ఉండేవి, ఇది వాటన్నిటినీ తీసేసి సాదా గీతలతో వచ్చింది. ఎల్వుడ్ ఎంగెల్ గీసిన డిజైన్. వెనక తలుపులు వెనక్కి తెరుచుకుంటాయి, మన పాతకాలం ఇంటి రెండు తలుపుల్లాగా మధ్యలో విడిపోతాయి. కెనడీ డల్లాస్‌లో హత్యకు గురైనప్పుడు కూర్చున్నది ఈ మోడల్ కారులోనే, ఆ కారు ఆ మ్యూజియంలోనే ఉంది. 1963 తర్వాత దానికి పైకప్పు, కవచం వేసి మళ్లీ వాడారు, 1977 దాకా తిప్పారు. అది తెలియక నేను టాప్ లేని కారు కోసం హాలంతా వెతికాను. దాని ముందు నిలబడితే ఎవరూ గట్టిగా మాట్లాడరు, మా పిల్లలు కూడా మాట్లాడలేదు.

టౌన్ కార్ 1981లో విడి మోడల్‌గా వచ్చింది. 1985లో కాడిలాక్ తన డివిల్ అనే పెద్ద కారుని చిన్నది చేసి ముందు చక్రాలు తిప్పే బండిగా మార్చేస్తే, పెద్ద కారు కావలసిన వాళ్లు చాలామంది ఇటు తిరిగారు. 1998లో అయితే నావిగేటర్ అనే పెద్ద ఎస్‌యూవీ బలంతో లింకన్ అమ్మకాల్లో కాడిలాక్‌నే దాటేసింది. మొదట తామే గెలిచామని కాడిలాక్ ప్రకటించుకుంది, 1999లో లెక్క తప్పని జనరల్ మోటార్స్ ఒప్పుకోవలసి వచ్చింది.

ఆ గెలుపు తర్వాత జరిగిందే నాకు బాధ. 2003లో మంచి స్టీరింగ్, కొత్త ఛాసిస్ ఇచ్చారు, ఆ తర్వాత దాదాపు ఎనిమిదేళ్లు పెద్దగా ముట్టుకోలేదు. మిషిగన్‌లో విక్సమ్ ఫ్యాక్టరీని 2007లో మూసేశారు, నా బండి అక్కడి ఆఖరి ఏడాదిది. తయారీ కెనడాలో సెయింట్ థామస్‌కి వెళ్లింది, 2011 ఆగస్టులో అక్కడా ఆగిపోయింది. ఈలోగా కొత్త కార్లకి ఎంకేజెడ్, ఎంకేఎస్, ఎంకేఎక్స్, ఎంకేటీ అని పేర్లు పెట్టారు. కాంటినెంటల్, జెఫిర్ లాంటి పేర్లు చేతిలో ఉండగా అక్షరాలెందుకు? ఏది కారో ఏది ఎస్‌యూవీయో డీలరు దగ్గర కూడా రెండోసారి అడగాల్సి వచ్చేది. 2016లో కాంటినెంటల్ మళ్లీ వచ్చినప్పుడు సంతోషపడ్డాను, 2020లో అదీ ఆపేశారు. ఇప్పుడు లింకన్ అమెరికాలో అమ్మేది ఎస్‌యూవీలే: నాటిలస్, ఏవియేటర్, నావిగేటర్ లాంటివి. నావిగేటర్ బాగుంటుంది, కాదనను. కానీ మా అత్తయ్యగారి మోకాళ్లకి మెట్టెక్కాలి, టౌన్ కార్‌లో అయితే తలుపు తీసి వెనక్కి కూర్చుంటే చాలు, ఎక్కడం దిగడం అనే పనే లేదు.

వాడకంలో లెక్కలు కూడా చెప్తాను. నాకు మైలేజీ ఊళ్లో గ్యాలన్‌కి 16, హైవే మీద నిదానంగా పోతే 24 వచ్చింది. ట్యాంకు 19 గ్యాలన్లు, కాబట్టి ఇక్కడి నుంచి పిట్స్‌బర్గ్ వెంకటేశ్వర స్వామి గుడికి, సుమారు 350 మైళ్లు, ఒక్క ట్యాంకులో వెళ్లిపోయేవాళ్లం. రోజూ దూరం ఆఫీసుకి వెళ్లే వాళ్లకి ఈ బండి చెప్పను, గ్యాస్ బిల్లు చూసి టెన్షన్ పడతారు. మంచులో వెనక చక్రాల బండి కాబట్టి డిసెంబరులో నాలుగూ స్నో టైర్లు వేయిస్తాను, ఏప్రిల్లో తీయిస్తాను. వేయించకుండా నడపొద్దు. న్యూయార్క్ సిటీలో పార్కింగ్ దొరకడం కష్టం, దొరికినా పట్టడం ఇంకా కష్టం.

వెనక సస్పెన్షన్ గాలి సంచుల మీద ఉంటుంది. పదేళ్లయితే రబ్బరు ఎండటం సహజం, రాత్రి నిలబెట్టిన బండి తెల్లారేసరికి వెనక కిందికి దిగి ఉంటే సంచులు మార్చే టైం వచ్చినట్టే. నాకు అలా అయినప్పుడు ఒక గ్యారేజీ వాళ్లు మొత్తం సస్పెన్షన్ పీకేసి మామూలు స్ప్రింగులు వేయాలని భయపెట్టారు. వారం ఆగి ఒక పాత లిమో డ్రైవర్ని అడిగితే రెండు సంచులు తెప్పించుకోమన్నాడు, మధ్యాహ్నానికల్లా పని అయిపోయింది. స్ప్రింగులు వేసి ఉంటే ఆ తేలిపోయే నడక పోయేది. మీరూ తొందరపడొద్దు.

ఇప్పుడు కొనాలనుకునే వాళ్లకి నేను చెప్పేది 2003 తర్వాతివి చూడమని. 1996 నుంచి 2001 దాకా ఈ ఇంజన్లలో ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజనులోకి గాలి పంపే భాగం) పగిలి కూలెంట్ (ఇంజన్ని చల్లబరిచే ద్రవం) కారే సమస్య అందరికీ తెలిసిందే, దాని మీద కోర్టు సెటిల్‌మెంట్ కూడా అయింది. అవి కొంటే ముందు భాగం అల్యూమినియంది మార్చారో లేదో చూసుకోండి. లిమోగా తిరిగిన బండి తక్కువకి వస్తుంది, కానీ వెనక సీటు పక్క నుంచి నొక్కి చూడండి, స్పాంజి కుంగి ఉంటే ఆ బండి అసలు సుఖం ముందే ఎవరో వాడేసినట్టు. ముసలివాళ్లు దాచుకున్నది దొరికితే వెయ్యి డాలర్లు ఎక్కువైనా అదే తీసుకోండి. ఛాసిస్ కింద తుప్పు చూడండి, మా వైపు రోడ్ల మీద చల్లే ఉప్పు ఇంజను కంటే ముందు దాన్ని తినేస్తుంది.

నాది అమ్ముతావా అని ఈ మధ్య ఇద్దరు అడిగారు. లేదన్నాను. గేర్ ఆయిల్ ఇప్పటికి నాలుగుసార్లు మార్పించాను, ఇంజను ఆయిల్ 5 వేల మైళ్లకోసారి, ఇంజను ఇంతవరకు విప్పలేదు. వచ్చే మేలో నాన్న మళ్లీ వస్తున్నారు, అమ్మతో కలిసి. నాలుగు సూట్‌కేసులు.