సెమిసోనిక్ 'క్లోజింగ్ టైమ్': ఏళ్ల తరబడి విన్నాక నా సమీక్ష

అమెరికాలో ఎమ్మెస్ చేసినవాళ్లలో చాలామందికి ఈ పాట పేరు తెలియకపోయినా ట్యూన్ తెలిసే ఉంటుంది. రాత్రి బార్ మూసే వేళకు లైట్లన్నీ ఒక్కసారిగా వేసి, చాలాచోట్ల ఇదే పెడతారు. నేనూ మొదట అలాగే విన్నాను. తలుపులు తీయండి, లైట్లు వేయండి, చేతిలో ఉన్నది తాగేయండి, ఇంటికే వెళ్లాలని లేదు గానీ ఇక్కడ మాత్రం ఉండడానికి వీల్లేదు. మాటలన్నీ బార్‌లో వినిపించేవే. ఇందులో ఇంకో అర్థం వెతకాలని అప్పుడు నాకు తట్టలేదు.

ఇది 1998లో 'ఫీలింగ్ స్ట్రేంజ్‌లీ ఫైన్' ఆల్బమ్‌తో వచ్చింది. సెమిసోనిక్ అమెరికాలోని మినియాపొలిస్‌కు చెందిన ముగ్గురి బ్యాండ్. పాట రాసి పాడింది డాన్ విల్సన్, బేస్ జాన్ మన్సన్, డ్రమ్స్ జేకబ్ స్లిక్టర్. ఆ ఏడాది బిల్‌బోర్డ్ మోడర్న్ రాక్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది, తర్వాత గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది.

పాట పుట్టిన కారణం మామూలుదే. ప్రతి షో చివర ఒకే పాట వాయించి వాయించి మిగతా ఇద్దరికీ విసుగొచ్చింది. ముగింపుకు కొత్తది కావాలన్నారు. షో అయిపోయాక క్లబ్బు ఖాళీ చేయించే దృశ్యం విల్సన్ రోజూ చూసేదే కాబట్టి దాని మీదే రాయడం మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన భార్య గర్భవతి. సగం రాశాక, తాను రాస్తున్నది బిడ్డ పుట్టుక గురించి కూడా అని తనకే అర్థమైందని విల్సన్ తర్వాత చాలాసార్లు చెప్పాడు.

అది తెలిశాక మళ్లీ వినండి. తోబుట్టువులు వచ్చేదాకా ఈ గది మళ్లీ తెరుచుకోదు అనే మాట ఒకటుంది. బార్ పాటగా వింటున్నన్నాళ్లూ ఆ లైను నాకు అతకలేదు. బార్‌కు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఎందుకొస్తారు? ఏదో ప్రాస కోసం వేసి ఉంటాడులే అనుకునేవాణ్ణి. ఆ గది అమ్మ కడుపు అని తెలిసిన క్షణాన పాట మొత్తం ఇంకో వైపు నుంచి కనిపించింది. లైట్లు వేయడం, బయటి లోకంలోకి పంపించేయడం, ఇక లోపల ఉండడానికి వీల్లేదనడం, ఒక్కటి కూడా వదలకుండా అన్నీ కుదురుతాయి. అలాగని బార్ అర్థం చెరిగిపోదు. ఒకే మాట రెండు చోట్లా నిజమవుతుంది. ఈ పాటలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. శ్రోతను పొడుపుకథతో తికమకపెట్టాలని రాసింది కాదు. అందుకే అర్థం తెలియనివాళ్లు కూడా గొంతెత్తి పాడుకుంటున్నారు.

విల్సన్ కూతురు నెలలు నిండకుండానే, చాలా తక్కువ బరువుతో పుట్టింది. ఏడాది దాకా ఆసుపత్రిలోనే ఉంది. కోరస్‌లో పదే పదే వచ్చేది, నన్ను ఎవరు ఇంటికి తీసుకెళ్లాలో నాకు తెలుసు అనే మాట. బార్‌లో అది ఎవరో నచ్చినవాళ్లను చూసి అనే మాట. మా అన్నయ్యా వదినలకు ఏడో నెలలోనే పాప పుట్టినప్పుడు ఆ మాట నాకు ఇంకోలా వినిపించింది. ఎన్‌ఐసీయూలోకి, అంటే పసికందుల ఐసీయూలోకి, ఒకసారి ఒక్కరినే పంపేవారు. మోచేతుల దాకా చేతులు కడుక్కుని, గౌను వేసుకుని వెళ్లాలి. వదిన లోపల ఉన్నంతసేపూ అన్నయ్య తలుపుకున్న చిన్న అద్దం దగ్గరే నిలబడేవాడు. రోజూ నర్సును అడిగేది ఒక్కటే ప్రశ్న, ఇంటికి ఎప్పుడు పంపిస్తారని. ఆ రోజుల్లో వెయిటింగ్ హాల్లో ఇయర్‌ఫోన్స్‌లో ఈ కోరస్ వస్తే పూర్తిగా వినలేక ఆపేసేవాణ్ణి. పాప ఇంటికొచ్చాకే మళ్లీ చివరిదాకా విన్నాను.

సంగీతం సంగతికొస్తే, తేలికైన కొన్ని గిటార్ కార్డులే (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటేవి) తిరుగుతుంటాయి. చరణాల్లో విల్సన్ గొంతు దాదాపు మాట్లాడుతున్నట్టే ఉంటుంది, కోరస్‌కు గిటార్లు ఒక్కసారిగా మీదికొస్తాయి. గిటార్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు మంచి పాట. ఫోన్ స్పీకర్‌లో వింటే వెనకున్న పొరలన్నీ పోయి ట్యూన్ ఒక్కటే మిగులుతుంది. లోపం చెప్పాలంటే కోరస్‌ను కాస్త ఎక్కువసార్లే తిప్పారు. వరసగా రెండుసార్లు పెట్టుకుంటే చివరి నిమిషం బరువనిపిస్తుంది. వీడియో మాత్రం తప్పక చూడాల్సిందే. తెరను రెండుగా చీల్చి, ఒకవైపు బ్యాండును, మరోవైపు ఒక అమ్మాయిని చూపిస్తారు. రెండు వైపులా కట్ లేకుండా సాగిపోతుంది. విల్సనూ ఆ అమ్మాయీ ఒకరి కోసం ఒకరు తిరుగుతూ కొద్దిలో తప్పిపోతుంటారు.

2025 మార్చిలో వైట్‌హౌస్ ఈ పాటను ఒక డిపోర్టేషన్ వీడియోకు, అంటే మనుషుల్ని దేశం నుంచి పంపించేసే వీడియోకు, తగిలించింది. సంకెళ్లు వేసిన మనిషి మీద, ఇక్కడ ఉండడానికి వీల్లేదన్న లైను. బ్యాండ్ వెంటనే స్పందించింది. తమను ఎవరూ అడగలేదని, తాము ఒప్పుకోలేదని, ఈ పాట సంతోషం, ఆశ గురించినదని, వైట్‌హౌస్‌వాళ్లకు అసలు విషయమే అర్థం కాలేదని ప్రకటించింది. హెచ్‌వన్‌బీ టెన్షన్ ఇంట్లో చూసిన తెలుగువాళ్లలో ఎవరికైనా ఆ వీడియో కడుపులో దేవినట్టే ఉంటుంది. నాకైతే కోపం కంటే బాధ ఎక్కువ కలిగింది. ఒక తండ్రి బిడ్డను లోకంలోకి రమ్మని పిలుస్తూ రాసిన మాటతో మనుషుల్ని గెంటేయడం నేను సహించలేను. బ్యాండ్ ఊరుకోకుండా మాట్లాడినందుకు వాళ్ల మీద గౌరవం పెరిగింది.

సెమిసోనిక్ అంటే ఈ ఒక్క పాటేననుకుంటారు, అది అన్యాయం. అదే ఆల్బమ్‌లో 'సీక్రెట్ స్మైల్' ఉంది, రాత్రిపూట వినడానికి నాకు ఇంకా నచ్చుతుంది. గాయని అడెల్‌తో కలిసి 'సమ్‌వన్ లైక్ యూ' రాసింది కూడా ఈ డాన్ విల్సనే. 'క్లోజింగ్ టైమ్' కొత్తగా వినబోయేవాళ్లు మంచి ఇయర్‌ఫోన్స్‌తో, లిరిక్స్ ఎదురుగా పెట్టుకుని వినండి. మొదటిసారి బార్ పాటగానే వినండి. రెండోసారి తోబుట్టువుల లైను దగ్గర ఆగండి.