నీళ్ల కోసం వెళ్తే నీళ్లకే బిల్లు వేశారు

కైలాసకోన జలపాతానికి వెళ్లొచ్చి వారమైంది. పుత్తూరులో మేం దిగిన లాడ్జి మీద కోపం మాత్రం ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నా.

అసలు ఈ ప్రయాణం మా పాప పట్టు. పోయిన ఏడాది తూపిలిపాళెం బీచ్‌కి తీసుకెళ్తే ఉప్పునీళ్లకి ఒళ్లంతా మంటపుట్టి దారి పొడవునా ఏడ్చింది. ఈ సెలవుల్లో "ఉప్పు లేని బీచ్‌కి పోదాం నాన్నా" అని మొదలుపెట్టింది. తిరుపతి చుట్టుపక్కల అదెక్కడ దొరుకుతుంది? తలకోన అనుకున్నాం. 270 అడుగుల జలపాతం, రాష్ట్రంలో అంతకంటే ఎత్తయింది లేదంటారు. కానీ మే నెలలో అక్కడ ధార సన్నబడిపోతుంది. ఉబ్బలమడుగు అంటే అడవిలో రాళ్ల మీద నడక, మా అత్తమ్మ మోకాళ్లు ఒప్పుకోవు. ఎండాకాలంలోనూ నీళ్లు పడేది, ముసలివాళ్లు కూడా చేరుకోగలిగేది కైలాసకోనే. పుత్తూరు దాటి, నారాయణవనం దాటాక వస్తుంది.

తిరుపతి నుంచి పుత్తూరు గంట దారి. "ఆ మాత్రానికి లాడ్జి ఎందుకురా?" అని అత్తమ్మ ముందే అన్నారు. జనం రాకముందే తెల్లారి స్నానం చేయొచ్చని మా ఆయన లెక్క. పుత్తూరులో ఒక లాడ్జికి ఫోన్ చేసి రెండు రూములు చెప్పారు, రూముకి 1,600. మేం ముగ్గురం, అత్తమ్మ, మా ఆడపడుచు, వాళ్లాయన, మొత్తం ఆరుగురం. అదనపు పరుపుకి ఇంకో 300. "ఇరవై నాలుగ్గంటలూ నీళ్లుంటాయి సార్" అని అవతలి మనిషి అడక్కుండానే చెప్పాడట. అప్పుడే అనుమానం రావాల్సింది.

సాయంత్రం దిగి మొహం కడుక్కుందామని కుళాయి తిప్పితే లోపలి నుంచి బుస్సుమని గాలి వచ్చింది. తర్వాత తుప్పురంగు నీళ్లు నాలుగు చుక్కలు. అంతే. కిందికి వెళ్లి "అన్నా, నీళ్లు రావట్లేదు" అంటే, సెల్‌ఫోన్ మీంచి తలెత్తకుండా "మోటారు కాలింది మేడం, పొద్దున మెకానిక్ వస్తాడు" అన్నాడు. మరి రూము ఇచ్చేటప్పుడు చెప్పొద్దా? "మీరు అడగలేదు కదా" అన్నాడు. చివరికి రూముకి రెండు బకెట్లు పంపించారు. ఒకటి పెయింటు డబ్బా, అంచుకి నీలం రంగు ఎండిపోయి అలాగే ఉంది. ఆరుగురికి నాలుగు బకెట్లు, రాత్రికీ పొద్దుటికీ అవే. 300 పరుపు సంగతి చెప్పక్కర్లేదు, దుప్పటి అన్నా చెల్లుతుంది. మా ఆడపడుచు రాత్రంతా దాని మీద దొర్లుతూ, "మా అన్న సెలక్షన్ అంటే ఇంతే" అని గొణుగుతూనే ఉంది. మా ఆయన నోరు మెదపలేదు. బుక్ చేసింది తనే కదా.

పొద్దున పళ్లు తోముకోవడానికి కూడా లేక, వాళ్ల దగ్గరే రెండు లీటర్ల బాటిళ్లు ఆరు తెప్పించాం. బిల్లు వచ్చింది: రూములు 3,200, పరుపు 300, వాటర్ 240, మొత్తం 3,740. బాటిల్ మీద ముద్రేసిన ధర 30, వేసింది 40. మా ఆయన పర్సు తీసేశారు. నేను పట్టుకున్నా. నీళ్లు ఇవ్వాల్సింది మీరు, ఇవ్వనిది మీరు, దానికి మేం డబ్బు కట్టాలా? ముప్పావుగంట పట్టింది. మధ్యలో ఎవరో ఓనరుతో ఫోన్లో మాట్లాడించాడు, ఆయన కూడా మోటారు కథే చెప్పాడు. ఆఖరికి 240 కొట్టేసి 3,500 తీసుకున్నాడు. పరుపు డబ్బు మాత్రం వదల్లేదు. ఆ ఖాళీ బాటిళ్లు ఆరూ అత్తమ్మ సంచిలో వేసుకున్నారు. "ఎందుకత్తా ఇవి?" అంటే జవాబు లేదు.

ఈ గొడవతో తెల్లారి స్నానం కాస్తా తొమ్మిదయింది. అయినా ఆ ధార కిందికి చేరాక ఎవరికీ ఏమీ గుర్తులేదు. నగరి కొండల్లోంచి బండ మీదుగా జారి పడతాయి నీళ్లు, పక్కనే శివుడి గుడి. కింద నిలబడితే భుజాల మీద ఎవరో రెండు చేతులతో కొడుతున్నట్టే ఉంటుంది, మొదటి క్షణం ఊపిరి ఆడదు. బయట అంత ఎండలో కూడా నీళ్లు జివ్వుమన్నాయి. పాప మడుగు అంచున కూర్చుని గులకరాళ్లు పేర్చి కోట కట్టింది. నీళ్లు నోట్లో పోసుకుని చూసి, "అమ్మా, ఉప్పు లేదు!" అని అరిచింది. వెనక్కి తీసుకురావడానికి రెండు గంటలు బతిమాలాం.

జాగ్రత్తలు మూడే. బండలు పాచి పట్టి ఉంటాయి, చెప్పులు విప్పి, చూసి అడుగేయండి. మా ఆడపడుచు వాళ్లాయన వీరుడిలా నడిచి కూలబడ్డాడు. "ఏం భయం లేదు అల్లుడూ, పుత్తూరు కట్టు పక్కనే" అన్నారు అత్తమ్మ. విరిగిన ఎముకకి ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన రాసి వెదురు బద్దలతో కట్టే ఆ వైద్యం కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆయన కాలు బెణికిందంతే, కట్టు దాకా పోలేదు. రెండోది, ఆదివారం వెళ్లకండి. మద్రాసు వైపు నుంచి కూడా కార్లు వస్తాయి, ధార కింద వంతు కోసం నిలబడాలి. మూడోది, కోతులుంటాయి, తిండి సంచి కార్లోనే వదిలేయండి.

నారాయణవనంలో కల్యాణ వేంకటేశ్వరుడి దర్శనం ప్రశాంతంగా అయింది. పద్మావతి అమ్మవారి పెళ్లి జరిగింది ఇక్కడే అంటారు. నాగలాపురం వేదనారాయణస్వామి గుడికి మేం వెళ్లేసరికి మధ్యాహ్నం తలుపులు వేసేశారు. లాడ్జిలో పోయిన ముప్పావుగంట అక్కడ తెలిసొచ్చింది. మార్చిలో సూర్యకిరణాలు గర్భగుడిలో స్వామి మీద పడతాయి, అప్పుడు మళ్లీ రావాలి.

దారిలో ఒక రేకుల షెడ్డులో తిన్న భోజనం మాత్రం మరిచిపోలేను. ప్లేటు 60. వేడి రాగి సంగటి ముద్ద, మధ్యలో గుంట చేసి నెయ్యి, పక్కన పుల్లగూర, రోట్లో నూరిన చెనక్కాయల ఊరిబిండి. వడ్డించే ఆమె అడక్కుండానే రెండో ముద్ద వేసి, దానికి డబ్బు వద్దంది. ఆరుగురికి 360. అక్కడి కుండలో నీళ్లు చల్లగా ఉన్నాయి, ఎన్ని చెంబులు తాగినా ఎవరూ లెక్క రాసుకోలేదు. మా ఆయన పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది అక్కడే.

సాయంత్రం సురుటుపల్లిలో పవళించిన శివుణ్ణి చూశాం. విషం మింగి సొమ్మసిల్లి పార్వతి ఒడిలో తలపెట్టుకున్న రూపం. లింగం కాకుండా ఇలా పడుకున్న శివుణ్ణి పాప వింతగా చూసి, "ఈయనకి కూడా నిన్న రాత్రి నిద్ర లేదా?" అంది.

పెట్రోలుకి 1,400 అయింది. ఈసారి లాడ్జి లేకుండా, తిరుపతిలో తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరతాం. ఇంటికొచ్చి సంచి విప్పితే ఆ ఆరు బాటిళ్లూ నిండుగా ఉన్నాయి, కోనలో ఎప్పుడు నింపుకున్నారో ఏమో. రెండు పూజగదిలో పెట్టి, నాలుగు తులసి కోట పక్కన వరసగా నిలబెట్టారు అత్తమ్మ.